పన్నెండు మందికని అమ్మి, ముప్పై ఒక్క మందిని ఎక్కించుకుంటే

ప్రశ్న: మాది నల్లగొండ. పుట్టింటివాళ్లు పోచంపల్లి దగ్గర ఇక్కత్ నేసేవాళ్లు. నాన్న పోయాక, ఆయన పనిలాంటి పని చేసే మరో దేశం చూడాలనిపించింది. హైదరాబాద్‌లో ఒక టూర్ సంస్థ ‘ఉజ్బెకిస్తాన్ చేతివృత్తులు, వంటలు, వారసత్వం – 12 మందికి మించని చిన్న బృందం’ అని వాట్సాప్‌లో బ్రోచర్ పంపింది. టూరు 2024 సెప్టెంబరు 14 నుంచి 22 వరకు, మనిషికి రూ. 1,64,000. అందులో 18, 19, 20 తేదీలు ఫెర్గానా లోయకు: మర్గిలాన్‌లో మగ్గాల దగ్గర, రిష్తాన్‌లో కుమ్మరుల దగ్గర. తాష్కెంట్‌లో దిగి చూస్తే 31 మందిమి! 17 రాత్రి సమర్‌ఖండ్ హోటల్లో ఉండగా కోఆర్డినేటర్ వాయిస్ మెసేజ్ పెట్టాడు: ‘మనం 31 మందిమి, ఆ ఘాటు రోడ్డులో పెద్ద బస్సు కుదరదు, ఇంతమందికి రైలు టికెట్లు దొరకలేదు, ఫెర్గానా డ్రాప్ చేస్తున్నాం’ అని. మూడు రోజులూ తాష్కెంట్‌లో షాపింగ్‌కు తిప్పారు. నేను శాకాహారిని, ఎక్కడికెళ్లినా మాంసం వేసిన పులావే. గదిలో కూర్చుని ఏడ్చాను. వచ్చాక అడిగితే తర్వాతి టూరుకు రూ. 40,000 వోచర్ ఇస్తామంటూ నానుస్తున్నారు. వాట్సాప్ గ్రూపు తీసేశారు. ఫోన్ మార్చడంతో బ్రోచర్ పోయింది. మా అబ్బాయి స్నేహితుడు అచ్చం అలాంటి బ్రోచరే తయారుచేసి స్క్రీన్‌షాట్ ఇస్తానంటున్నాడు. డబ్బంతా వెనక్కి రావాలి. మానసిక క్షోభకు 6 లక్షలు, అక్కడి బట్ట తెచ్చి అమ్ముకోలేకపోయినందుకు 2 లక్షలు కావాలి. పోలీసు కేసు పెట్టమంటారా?

జవాబు: అమ్మా, మీ పూర్తి ఉత్తరంలో (పైన వేసింది దాని సారాంశమే) ఎక్కువ భాగం మీ నాన్నగారి గురించి, పులావ్ గురించి ఉంది. వినియోగదారుల కమిషన్‌లో నిలిచే కేసు మాత్రం వాయిస్ మెసేజ్ గురించి రాసిన ఆ ఒక్క వాక్యంలో ఉంది. మీరు దాన్ని మామూలు సంగతిలా చెప్పి దాటేశారు.

ఎందుకంటే అవతలివాళ్ల వకీలు మొదట తీసేది మీరు సంతకం పెట్టిన షరతుల కాగితమే. ‘అనివార్య పరిస్థితుల్లో కార్యక్రమం మార్చే హక్కు సంస్థకు ఉంది’ అనే షరతు లేని టూర్ ఫారం నేను ఇంతవరకు చూడలేదు. తాష్కెంట్ నుంచి ఫెర్గానా లోయకు కమ్చిక్ కనుమ దాటి వెళ్లాలి. అక్కడ మంచు పడి దారి మూసేస్తేనో, కొండచరియలు విరిగిపడితేనో ఆ షరతు వాళ్లను కాపాడుతుంది. మీ విషయంలో అలాంటిదేమీ లేదు. అడ్డుపడింది జనం సంఖ్య. ఆ సంఖ్యను 12 నుంచి 31కి పెంచింది సంస్థే. 12 మందైతే నాలుగు కార్లలో కనుమ దాటేవాళ్లు. లేదంటే 2016లో మొదలైన అంగ్రెన్–పాప్ రైలు మార్గం ఉంది. కనుమ కింద 19 కిలోమీటర్ల సొరంగంలోంచి వెళ్తుంది. అందులో 12 టికెట్లు ముందే తీసుకోవడం పెద్ద పనేమీ కాదు. తన లాభం కోసం తానే తెచ్చుకున్న ఇబ్బందిని ‘అనివార్యం’ అనే హక్కు సంస్థకు లేదు. కోఆర్డినేటర్ ఆ కారణాన్ని తన నోటితోనే చెప్పి రికార్డు చేసి పంపాడు. ఇంతకన్నా మంచి సాక్ష్యాన్ని నేను కోర్టులో తయారుచేయలేను.

రెండో వాదన కూడా వస్తుంది: ‘తొమ్మిది రోజుల టూరులో చిన్న మార్పు, బదులుగా తాష్కెంట్ చూపించాం’ అని. దీనికి జవాబు బ్రోచర్ శీర్షికలోనే ఉంది. సమర్‌ఖండ్ రెగిస్తాన్ చౌకూ, బుఖారా మినార్లూ ఏ ప్యాకేజీలోనైనా చూపిస్తారు. చేతివృత్తుల టూరు అని పేరుపెట్టి ఆ ధర తీసుకున్నది ఫెర్గానా కోసమే. పడుగు పట్టు, పేక నూలు వేసి నేసే అద్రస్ బట్ట, అచ్చం పట్టుతో నేసే అత్లస్ బట్ట మర్గిలాన్‌లోనే చూడాలి. అక్కడి చేతివృత్తుల కేంద్రం ఈ రెండు నేతలనూ కాపాడుతున్న తీరును 2017లో యునెస్కో తన మేలైన పరిరక్షణ పద్ధతుల జాబితాలో చేర్చింది. మొక్కల బూడిదతో చేసే నీలి మెరుపు పూతకు పేరుపడ్డ ఊరు రిష్తాన్. ఇవి తీసేస్తే మీ టూరులో చేతివృత్తుల కింద మిగిలింది సమర్‌ఖండ్ పక్కన కోనిగిల్‌లో మల్బరీ బెరడుతో కాగితం చేసే మిల్లు, బుఖారాలో సుజానీ కుట్టుపని, అంతే. అప్పడం లేదని పెళ్లి భోజనం చెడదు. అన్నమే వడ్డించకపోతే దాన్ని భోజనం అనరు. ఫిర్యాదులో ఈ ముక్క బలంగా రాయించండి. నాన్నగారి ప్రస్తావన ఒక్క వాక్యం చాలు.

భోజనం సంగతి వదిలేయండి. బుకింగ్ ఫారంలో శాకాహారం అని రాశారా? రాయలేదని మీరే అన్నారు. మాంసం, క్యారెట్ వేసి వండే పులావ్ ఆ దేశం గర్వంగా పెట్టే వంటకం, 2016లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. వంటల టూరులో అది పెట్టడం సేవాలోపం కాదు. సమోసాలాంటి గుమ్మడికాయ సమ్సా అడిగి ఉంటే తెచ్చేవాళ్లేమో గానీ, దాన్ని కమిషన్ ముందుకు తీసుకెళ్తే మంచి కేసు కాస్తా తిండి గొడవగా మారుతుంది.

ఇక ఆ స్క్రీన్‌షాట్. అచ్చం అలాంటిదే తయారుచేస్తానన్న కుర్రాడిని ఇంట్లోకి రానివ్వకండి. మీరు చెప్పేది నిజమే కావచ్చు, బ్రోచర్‌లో ఆ మాటలే ఉండి ఉండవచ్చు. అయినా చేత్తో తయారుచేసిన కాగితాన్ని అసలుదని దాఖలు చేస్తే అది భారతీయ న్యాయ సంహిత కింద ఫోర్జరీ. సంస్థ దగ్గర అసలు బ్రోచర్ ఉంది. అక్షరం సైజు తేడా వచ్చినా పట్టేస్తారు. అప్పుడు నిజమైన వాయిస్ మెసేజ్‌ను కూడా ఎవరూ నమ్మరు. రూ. 1,64,000 కోసం వెళ్లిన మనిషి ముద్దాయిగా తిరిగొస్తుంది.

అసలు బ్రోచర్ పోయిందని మీరు తీర్మానించేశారు, వెతికారా? అడ్మిన్ గ్రూపును మూసేసినా సభ్యుల ఫోన్లలో ఉన్న పాత సంభాషణ చెరిగిపోదు. మిగతా 30 మందిలో ఎవరి ఫోన్‌లోనో ఆ పీడీఎఫ్ ఉంటుంది. మీ మెయిల్‌లో ‘ఉజ్బెక్’ అని వెతకండి. పాత ఫోన్ ఎవరికైనా ఇచ్చేశారా, బీరువాలో ఉందా? వాయిస్ మెసేజ్ ఉన్న ఫోన్‌ను మాత్రం ఫార్మాట్ చేయకండి, అమ్మకండి. ఫార్వర్డ్ చేసిన కాపీ ఒక్కటే చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం పెట్టాలి. అందులో ఒక భాగంపై మీరు, మరో భాగంపై నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టుల్లా పట్టుబట్టవు, నిజమే. కానీ అవతలివాళ్లకు ఆ సందు ఎందుకివ్వాలి?

ఫెర్గానాకు వెళ్లలేదని రుజువు చేయడం సులువు. ఉజ్బెకిస్తాన్‌లో విదేశీ అతిథులను హోటళ్లు రిజిస్టర్ చేయాలి. ఆ చీటీలు పాస్‌పోర్టులో మడతపెట్టి ఉన్నాయేమో చూడండి, లేదంటే ఆ హోటల్‌కు మెయిల్ రాసి 18, 19, 20 రాత్రుల వివరం అడగండి. 19న తాష్కెంట్ చోర్సూ బజార్ నీలి గుమ్మటం ముందు దిగిన ఫోటో జతచేశారు కదా, ఎండు ఆప్రికాట్ల సంచీతో. దాని అసలు ఫైలు దాచండి. తేదీ, సమయం అందులోనే ఉంటాయి, లొకేషన్ ఆన్ చేసి ఉంటే స్థలం కూడా.

చీవాట్లు పెట్టక తప్పని సంగతి ఒకటుంది. మీరు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో సంస్థ ఖాతాకు వెళ్లింది రూ. 90,000 మాత్రమే. మిగతా రూ. 74,000 కోఆర్డినేటర్ సొంత నంబరుకు యూపీఐలో పంపారు. ‘బిల్లు లేకపోతే జీఎస్టీ, టీసీఎస్ ఉండవు మేడమ్’ అన్నాడట, మీరు సరే అన్నారు! మీరు వెళ్లిన ఏడాది ఆ మొత్తం మీద రెండూ 5 శాతం చొప్పునే. అందులో టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసి మీ పేరున కట్టే పన్ను, మీ ఆదాయపు పన్నులో సర్దుబాటయ్యేది, పన్ను కట్టాల్సిన పని లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తీసుకునేవారు. పైగా మీ పేరున జమైన పన్నులు చూపే 26ఏఎస్ పట్టికలో సంస్థ పేరుతో నమోదయ్యేది. విదేశీ టూరు ప్యాకేజీ అమ్మారనడానికి సంస్థే ప్రభుత్వానికి ఇచ్చిన సాక్ష్యం అయ్యేది. ఏడు వేల చిల్లర మిగిలాయనుకుని దాన్ని పోగొట్టుకున్నారు. ఇప్పుడు ‘ఆ డబ్బు మాకు అందలేదు’ అని సంస్థ అంటుంది.

దీనికి మందు ఉంది. సంస్థను మొదటి ప్రతివాదిగా, కోఆర్డినేటర్‌ను రెండో ప్రతివాదిగా చేర్చండి. యూపీఐ లావాదేవీ నంబర్లు, ఆ నంబరుకే పంపమన్న మెసేజ్, పూర్తి మొత్తం అందాకే టికెట్లు, వీసా వచ్చిన తేదీలు వరసగా పెట్టండి. సంస్థ మనిషిగా టూరు నడిపినవాడు తీసుకున్న డబ్బుకు సంస్థ బాధ్యత తప్పించుకోవడం కష్టం. బిల్లు లేకుండా ఎందుకు ఇచ్చారో ఫిర్యాదులో ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచి, వాదనల్లో బయటపడితే అధ్వాన్నం.

ఇంతకన్నా టెన్షన్ పడాల్సింది తేదీ గురించి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసుకు దారితీసిన నష్టం, పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. మీరు చివరి వోచర్ మెసేజ్ వచ్చిన రోజు నుంచి లెక్కేస్తున్నారు. అది తప్పు. ఉత్తరాలు, ఫోన్లు, ‘చూస్తాం మేడమ్’లు గడువును పొడిగించవు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా, లీగల్ నోటీసు ఇచ్చినా గడియారం ఆగదు. ఫెర్గానా వెళ్లాల్సిన మొదటి రోజు 2024 సెప్టెంబరు 18. అక్కడి నుంచే లెక్కపెట్టి, 2026 సెప్టెంబరు 17 దాటకుండా దాఖలు చేయండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, తగిన కారణం చూపాలి. వోచర్ కోసం ఎదురుచూశాననేది గట్టి కారణం కాదు. ఆ వోచర్‌తో పాటు ‘పూర్తి పరిష్కారం అయింది’ అన్న కాగితం పంపితే సంతకం పెట్టకండి.

పోలీసు కేసు వద్దు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపగలిగితేనే చీటింగ్ నిలుస్తుంది. మిమ్మల్ని విమానం ఎక్కించారు, సమర్‌ఖండ్, బుఖారా చూపించారు. స్టేషన్‌లో ‘ఇది సివిల్ తగాదా’ అంటారు, ఈలోగా నెలలు గడుస్తాయి.

ఫిర్యాదు నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ‘హైదరాబాద్ కోర్టులు మాత్రమే’ అని షరతుల్లో ఉన్నా, మీరు నివసించే చోట దాఖలు చేసే వీలు 34వ సెక్షన్ ఇచ్చింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల్లోపు కాబట్టి జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల్లోపు కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే రెండు కారణాలే రాయండి. ‘అన్యాయమైన ఒప్పందం’ అనే మాట కలపకండి, ఆ కారణంతో వేసే ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌లో వేయాల్సి ఉంటుంది.

డబ్బంతా వెనక్కి రాదు. తొమ్మిది రోజుల్లో ఆరు రోజులు మీరు తిరిగారు. మూడు రోజుల ఖర్చు, చిన్న బృందం పేరుతో ఎక్కువ తీసుకున్న తేడా, వడ్డీ, ఒక మోస్తరు నష్టపరిహారం, కోర్టు ఖర్చులు అడగండి. అదే సంస్థ అమ్మే మామూలు ఉజ్బెకిస్తాన్ ప్యాకేజీ ధర పట్టిక దొరికితే ఆ తేడా రూపాయల్లో తేలుతుంది. క్షోభకు 6 లక్షలు అడిగితే మొదటి పేజీలోనే కమిషన్‌కు మీ మీద నమ్మకం సడలుతుంది. బట్ట అమ్ముకోలేకపోయిన 2 లక్షలైతే పూర్తిగా తీసేయండి. అది రాస్తే ‘ఈమె వ్యాపారం కోసం వచ్చింది, వినియోగదారు కాదు’ అన్న అభ్యంతరాన్ని మీరే వాళ్ల చేతికిచ్చినట్టు. ఎవరైనా అడిగితే నిజం చెప్పండి: టూరు మీ ఇష్టం కోసం, చీరలమ్మేది ఇంటి దగ్గర, స్వయంగా, పొట్టకూటికి. జీవనోపాధికి స్వయం ఉపాధిగా చేసే పనికి చట్టంలో మినహాయింపు ఉంది.

31 మంది కలిసి రావాలని ఆగకండి, ఎప్పటికీ కలవరు. తోటి ప్రయాణికుల్లో ఇద్దరి అఫిడవిట్లు చాలు, బ్రోచర్ ఎవరి ఫోన్‌లో ఉందో వాళ్లయితే మరీ మంచిది. ఈ వారమే స్పీడ్ పోస్టులో సంస్థకూ కోఆర్డినేటర్‌కూ 15 రోజుల గడువుతో నోటీసు పంపించండి, రసీదులు ఉంచుకోండి. జవాబు వచ్చినా రాకున్నా 16వ రోజున ఫిర్యాదు దాఖలు చేయండి. కమిషన్ నోటీసు అందాక జవాబివ్వడానికి వాళ్లకుండేది 30 రోజులు, మహా అయితే మరో 15.