టెక్ సందేహాలు: పగలు వెలిగే పచ్చ లైటు రాత్రి ఎందుకు ఆరిపోతోంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం స్మోక్ డిటెక్టర్ల (పొగను పసిగట్టి మోగే పరికరాల) గురించే. విశాఖలో కొత్తగా కడుతున్న ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలతో పాటు వీటినీ స్మార్ట్ సిస్టంలో కలిపేస్తున్నారు. తీరా తేడా వస్తే ఎలక్ట్రీషియన్ ‘యాప్ ప్రాబ్లం’ అంటాడు, యాప్ వాళ్లు ‘వైరింగ్ ప్రాబ్లం’ అంటారు. మధ్యలో నిద్ర చెడేది ఇంట్లో వాళ్లకి. అందుకే మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి ఈ వారం చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీలో డూప్లెక్స్ ఇల్లు. రెండేళ్ల కిందట నాలుగు స్మోక్ డిటెక్టర్లు కరెంటు వైరింగుతో పెట్టించాం. ఒకటి మోగితే నాలుగూ మోగుతాయి. లోపల 9 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. రాత్రి పడుకున్నాక నిమిషానికోసారి ఒకటి కీచుమంటోంది. బ్యాటరీ మారిస్తే మూడు నెలలు ఊరుకుని మళ్లీ మొదలుపెడుతోంది. యాప్‌లో మాత్రం అంతా బాగున్నట్టే చూపిస్తోంది. మా అత్తగారు అన్నీ పీకించేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పీకించకండమ్మా. అది కీచుమంటోందంటే దాని పని అది చేస్తున్నట్టే. పొగ వస్తే డిటెక్టర్ ఆగకుండా గట్టిగా మోగుతుంది. నిమిషానికోసారి చిన్నగా కీచుమంటే దానికే ఏదో లోటు ఉందని అర్థం. ఆ లోటు చాలాసార్లు బ్యాటరీ, కొన్నిసార్లు అయిపోయిన ఆయుష్షు. మీవి రెండేళ్లవే కాబట్టి ఆయుష్షు గొడవ ఉండకపోవచ్చు. అయినా ఒకసారి తిప్పి వెనక ముద్రించిన తయారీ తేదీ చూడండి. డిటెక్టర్ ఆయుష్షు పదేళ్లు, ఆ లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు.

కరెంటు మీద నడిచే డిటెక్టర్‌లో బ్యాటరీ తోడుకు మాత్రమే. మామూలుగా ఏడాదైనా రావాలి. మూడు నెలలకే అయిపోతోందంటే డిటెక్టర్ రోజూ గంటల కొద్దీ బ్యాటరీ మీదే బతుకుతోందన్నమాట. ఆ సంగతి మీరు పంపిన వీడియోలోనే దొరికింది. రాత్రి 11 దాటాక తీసినది అది. మెట్ల దగ్గరి డిటెక్టర్ మీద పచ్చ లైటు లేదు. పగలు తీసిన ఫొటోలో అదే డిటెక్టర్ మీద పచ్చ లైటు నిలకడగా వెలుగుతోంది. మీ డిటెక్టర్లలో పచ్చ లైటు అంటే కరెంటు అందుతోందని. పడుకునే ముందు ఇంట్లో ఏం చేస్తారని ఫోనులో అడిగితే, ‘గుడ్‌నైట్ అని చెబుతాం, పైన కింద అన్నీ ఆరిపోతాయి’ అన్నారు.

అన్నీ అంటే డిటెక్టర్లతో సహా. మీ ఎలక్ట్రీషియన్ డిటెక్టర్లకు ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) తీసుకున్నది మెట్ల లైటు వైరు నుంచి. ఆ లైటు వెనక స్మార్ట్ స్విచ్ ఉంది. గుడ్‌నైట్ ఆదేశం మెట్ల లైటు ఆర్పిన ప్రతి రాత్రీ డిటెక్టర్లకు కరెంటు పోతోంది, పొద్దున లైటు వేశాక వస్తోంది. ఇల్లంతా నిద్రపోయే వేళే, అంటే వాటి అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న వేళే, వాటిని బ్యాటరీ మీద వదిలేస్తున్నారు. దానికి తోడు ఏసీ చల్లదనానికి బలహీనపడ్డ బ్యాటరీ వోల్టేజీ ఇంకాస్త దిగుతుంది. కీచులాట రాత్రే మొదలవడానికి అదొక కారణం.

మరి యాప్ ఎందుకు చెప్పలేదు? మీ ఇంట్లో డిటెక్టర్లకూ స్మార్ట్ సిస్టంకూ మధ్య ఉన్నది ఒక చిన్న రిలే. డిటెక్టర్లన్నిటినీ కలిపే వైరు మీద మోత సిగ్నల్ వస్తే ఆ రిలే, స్మార్ట్ సిస్టంని నడిపే చిన్న పెట్టె అయిన హబ్‌కి చేరవేస్తుంది. రిలేకి తెలిసింది ‘మోగింది’, ‘మోగలేదు’ అనే రెండు ముక్కలే. బ్యాటరీ సంగతి దానికి తెలియదు. యాప్‌లో కనిపించే పచ్చ టిక్కుని నమ్మి పైకి చూడడం మానేయకండి.

చేయించాల్సింది ఇది. మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, నాలుగు డిటెక్టర్లకూ ఎంసీబీ (మెయిన్ బోర్డులోని ట్రిప్ స్విచ్) నుంచి నేరుగా ఫేజ్, న్యూట్రల్ ఇప్పించండి. మధ్యలో స్మార్ట్ స్విచ్ గానీ, మామూలు స్విచ్ గానీ ఉండకూడదు. నాలుగూ ఒకే సర్క్యూట్ మీద ఉండాలి. కింద రెండు ఇన్వర్టర్ లైన్ మీద, పైన రెండు మామూలు లైన్ మీద పెడితే వాటి మధ్య సిగ్నల్ సరిగా అందకపోవచ్చు. తయారీదారులు కూడా ఒకే సర్క్యూట్ అనే చెబుతారు. వేరే కంపెనీ డిటెక్టర్ తెచ్చి అదే కలుపు వైరుకి తగిలించవద్దు, పాడైపోవచ్చు. ఎంసీబీ దించకుండా ఎవరినీ నిచ్చెన ఎక్కనివ్వకండి.

పని పూర్తయ్యాక ఎలక్ట్రీషియన్ వెళ్లకముందే ఎంసీబీ దించి, పై అంతస్తు డిటెక్టర్ మీద టెస్ట్ మీట నొక్కండి. కింది వంటింటి పక్కది కూడా మోగితే బ్యాటరీలు, కలుపు వైరు రెండూ బాగున్నట్టు. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు కంపెనీ చెప్పిన రకమే కొనండి. ఖర్చు తగ్గుతుందని రీఛార్జబుల్ బ్యాటరీ వేయకండి, వాటిలో ఛార్జి తనంతట తానే త్వరగా తగ్గిపోతుంది.

ప్రశ్న: లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గరగా ఉంటాం. తెల్లవారుజామున నాలుగింటికి డిటెక్టర్లన్నీ ఒక్కసారిగా మోగాయి. పొగ లేదు, వాసన లేదు. ఈ నెలలో ఇది రెండోసారి. పిల్లలు భయపడిపోతున్నారు.

జవాబు: మోగిన ప్రతిసారీ ముందు నిజమనే అనుకోండి. పిల్లల్ని, పెద్దవాళ్లని లేపి తలుపు దగ్గరికి తెచ్చాకే కారణం వెతకండి. పొగ గానీ కాలిన వాసన గానీ ఉంటే వెతకడం మాని బయటికి వెళ్లి 101 కి ఫోన్ చేయండి.

ఏమీ లేదని తేలాక ముందుగా మోగింది ఏదో పట్టుకోవాలి. చాలా మోడళ్లలో మొదట మోగినదాని మీద ఎర్ర లైటు గబగబా కొట్టుకుంటుంది, మిగతావి దాని వెంట మోగేవే. మోత ఆపేశాక ఆ గుర్తు పోవచ్చు. అందుకని మోత ఆపకముందే ఇంట్లో ఒకరు ఒక చుట్టు తిరిగి చూసి రావాలి.

మీది ఏసీ బెడ్‌రూం గుమ్మం దగ్గరిది అయి ఉంటుందని నా అనుమానం. ఇప్పటి డిటెక్టర్లలో ఎక్కువ వాటి లోపల చీకటి గూడు ఉంటుంది. అందులో ఒక చిన్న లైటు, దానికి ఎదురుగా కాకుండా పక్కకి ఒక కన్ను. పొగ లోపలికి వస్తే లైటు ఆ రేణువులకు తగిలి చెదిరి కన్ను మీద పడుతుంది, మోత మొదలవుతుంది. ఆ కన్నుకి పొగ రేణువు, నీటి తుంపర, దుమ్ము, చిన్న పురుగు అన్నీ ఒకటే. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ, తెల్లవారుజామున ఇంకా పెరుగుతుంది. ఏసీ చలికి చల్లబడిన డిటెక్టర్‌కి బయటి వెచ్చని తేమగాలి తగిలితే, చల్లని గ్లాసు బయట చెమ్మ పట్టినట్టు లోపల పడుతుంది. అప్పటికే దుమ్ము పేరుకుని ఉంటే ఆ కాస్త చెమ్మే చాలు.

ఎంసీబీ దించి, డిటెక్టర్‌ని తిప్పి ఊడదీసి, మెత్తటి బ్రష్ ఉన్న వాక్యూమ్ క్లీనర్‌తో చుట్టూ ఉన్న సందులు శుభ్రం చేయండి. తడిగుడ్డ వద్దు, స్ప్రేలు అసలే వద్దు. సముద్రం పక్క ఇళ్లలో ఇది మూడు నెలలకోసారి చేయడం మంచిది. అయినా మోగితే దాన్ని ఏసీ గాలి తగలని చోటికి జరిపించండి. ఫ్యాన్ రెక్కల అంచు నుంచి దాదాపు మీటరు, స్టవ్ నుంచి మూడు మీటర్ల దూరం ఉండాలి.

సాంబ్రాణి వేసేటప్పుడు, మిరపకాయల పోపు పెట్టేటప్పుడు ప్లాస్టిక్ కవర్ తొడిగేవాళ్లున్నారు. అలా కవర్ తొడిగి మరచిపోయిన ఇళ్లు నేను రెండు చూశాను. ఒక ఇంట్లో రంగులు వేసినప్పటి కవర్ ఏడాది తర్వాత కూడా అలాగే ఉంది. కవర్ వద్దు. హష్ మీట నొక్కితే కొన్ని నిమిషాలు ఊరుకుని మళ్లీ తనంతట తానే పనిలోకి వస్తుంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి మూడు హార్డ్‌వైర్డ్ స్మోక్ అలారాలు పంపాడు. మా సీతమ్మధార ఇంట్లో బిగించుకోవచ్చా?

జవాబు: బిగించకండి. అక్కడి ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. నేరుగా కలిపితే లోపలి సర్క్యూట్ కాలిపోతుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరిపోతుందని మీకెవరో చెప్పారని రాశారు. ప్రాణాలు కాపాడాల్సిన వస్తువుని అలాంటి ఏర్పాటు మీద నడపకూడదు. మీ అబ్బాయి ప్రేమగా పంపాడు, నాకు తెలుసు. వాటిని వెనక్కి ఇప్పించి, ఈసారి పదేళ్ల సీల్డ్ బ్యాటరీ ఉండి, ఒకదానితో ఒకటి వైర్‌లెస్‌గా మాట్లాడుకునేవి పంపమనండి. రేడియో ఫ్రీక్వెన్సీ మన దేశంలో అనుమతించినదేనా అని కొనేముందు చూడమనండి.

ప్రశ్న: మధురవాడ ఫ్లాట్‌లో ఉంటాం. బిల్డరు పెట్టిన డిటెక్టర్ హాల్లో ఉంది. దాన్ని ఇంటి పరికరాల్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన నా హోమ్ అసిస్టెంట్‌కి కలుపుకోవచ్చా?

జవాబు: దాని జోలికి వెళ్లకండి. అది మీ ఒక్కరిది కాదు. మామూలుగా 24 వోల్టుల డీసీ లైన్ మీద భవనమంతటి అలారాలను చూసే ఫైర్ ప్యానెల్‌కి కలిపి ఉంటుంది. మీరు ఊడదీస్తే ప్యానెల్లో ఫాల్ట్ చూపిస్తుంది, కొన్ని భవనాల్లో ఆ వరసలోని మిగతా ఫ్లాట్లకీ రక్షణ పోతుంది. దాని పక్కనే మీ సొంతానికి ఇంకొకటి పెట్టుకుని దాన్ని కలుపుకోండి. ప్యానెల్‌ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారో అసోసియేషన్ వాళ్లని అడగండి.

ప్రశ్న: డిటెక్టర్ మోగింది గానీ ఆఫీసులో ఉన్న నాకు ఫోన్‌లో కబురు రాలేదు. గాజువాకలో ఇల్లు. గత నెల ఇంటర్నెట్ కనెక్షన్ మార్చాం.

జవాబు: కనెక్షన్ మార్చినప్పుడు రౌటర్ కూడా మారి ఉంటుంది. కొత్త రౌటర్‌లో పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా పెట్టండి. ఎక్కువ వస్తువులు వాటంతట అవే కలిసిపోతాయి. ఇలాంటి హబ్‌లు చాలావాటికి 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైయే కావాలి, అది ఆఫ్ అయి ఉంటే ఆన్ చేయండి. తర్వాత ఫోన్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ సేవర్ తీసేసి, ఆటోస్టార్ట్ ఇచ్చి, డు నాట్ డిస్టర్బ్‌లో మినహాయింపు పెట్టండి. రౌటర్‌నీ హబ్‌నీ ఇన్వర్టర్ లైన్ మీద ఉంచండి. కరెంటు పోయినప్పుడు డిటెక్టర్ బ్యాటరీ మీద మోగుతుంది గానీ, రౌటర్ ఆగిపోతే మీకు కబురు రాదు.

ఇవన్నీ సరిచేశాక ఒక రోజు మీరు ఆఫీసులో ఉండగా ఇంట్లో వాళ్లని టెస్ట్ మీట నొక్కమనండి. కొన్ని మోడళ్లు టెస్ట్ నొక్కితే కలుపు వైరు మీదికి సిగ్నల్ వెంటనే పంపవు, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఇంట్లో మోత వినిపించాక మీ ఫోన్ మోగడానికి ఎంతసేపు పట్టిందో రాసి పంపండి. నిమిషం దాటితే మీ హబ్ మోడల్, యాప్ పేరు కూడా రాయండి. వచ్చే వారం అక్కడి నుంచి చూద్దాం.