క్లోన్ బిడ్డ కొడుకవుతాడా, తమ్ముడవుతాడా?

న్యాయ సందేహాలు

ప్రశ్న: సంతానం లేని ఒకాయన తన చర్మకణంతో క్లోన్ (తన జన్యువులే ఉన్న నకలు) చేయించుకుని, ఆ బిడ్డను భార్య కన్నదనుకుందాం. చట్టం దృష్టిలో ఆ బిడ్డ మనిషేనా? ఆయనకు కొడుకవుతాడా, తమ్ముడవుతాడా? మా ప్రాంతంలో ఇల్లు ఒడిశాలోని పర్లాకిమిడిలోనూ, పొలం సరిహద్దుకు అవతల ఆంధ్రలోని పాతపట్నం వైపూ ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అటువంటి ఆస్తిలో అతనికి వాటా వస్తుందా? అసలు అతనికి ఆత్మ ఉంటుందా అని కూడా మా మిత్రులలో వాదన నడుస్తోంది.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: ముందుగా ఒక మాట. రుజువైన మానవ క్లోన్ ఇంతవరకు ఒక్కరూ లేరు. 2002 చివర్లో ఒక విదేశీ సంస్థ ఆడబిడ్డను పుట్టించామని ప్రకటించింది గాని, ఆధారం ఏదీ చూపలేదు. కాబట్టి మనం మాట్లాడుకుంటున్నది ఇంకా కోర్టు గడప ఎక్కని వ్యాజ్యం గురించి.

మనిషేనా అన్నదానిలో నాకు సందేహం లేదు. రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలు వ్యక్తికి రక్షణ ఇస్తాయే తప్ప, ఆ వ్యక్తి ఏ విధంగా కడుపున పడ్డాడని అడగవు. మానవ క్లోనింగుపై నిషేధం ఉన్న మాట నిజమే. భారత వైద్య పరిశోధన మండలి, కేంద్ర జీవసాంకేతిక విభాగం కలిసి 2017లో వెలువరించిన మూలకణ పరిశోధన మార్గదర్శకాలు క్లోనింగుతో బిడ్డను పుట్టించడాన్ని నిషేధించాయి. బ్రిటన్ 2001లో చేసిన చట్టంలా పదేళ్ల వరకు జైలుశిక్ష విధించే శాసనం కాదది, మార్గదర్శకం. 2005 మార్చిలో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ మానవ క్లోనింగును అన్ని రూపాలలోనూ నిషేధించాలని 84–34 ఓట్లతో ప్రకటన చేసినప్పుడు మన దేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. బిడ్డను పుట్టించడాన్ని సమర్థించి కాదు, చికిత్స కోసం జరిగే కణ పరిశోధన కూడా ఆ నిషేధం కిందికి వస్తుందన్న అభ్యంతరంతో. అయితే ఈ నిషేధాలన్నీ చేసినవారిని ఉద్దేశించినవే గాని పుట్టినవారిని ఉద్దేశించినవి కావు. పెద్దల తప్పుకు పిల్లలను బాధ్యులను చేయరాదన్న సూత్రం మన చట్టానికి కొత్త కాదు. హిందూ వివాహ చట్టం 16వ సెక్షను చెల్లని పెళ్లికి పుట్టిన బిడ్డను కూడా సక్రమ సంతానంగానే పరిగణించి, తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఇస్తుంది.

అసలు చిక్కు వావి దగ్గర వస్తుంది. జన్యువుల లెక్కన ఆ బిడ్డ ఆయనకు ఆలస్యంగా పుట్టిన కవల. అంటే జీవశాస్త్రం ప్రకారం బిడ్డ తల్లిదండ్రులు ఆయన తల్లిదండ్రులే. ఈ తేడా ఆస్తి దగ్గర చిన్నది కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో భార్య, తల్లితో పాటు కొడుకు మొదటి తరగతి వారసుడు. తమ్ముడు రెండవ తరగతివాడు. మొదటి తరగతిలో ఒక్కరు మిగిలి ఉన్నా అతనికి చిల్లిగవ్వ రాదు. ఇక దాయాదులు డీఎన్ఏ పరీక్ష కోరితే వింత ఫలితం వస్తుంది. భర్త నమూనా బిడ్డతో పూర్తిగా సరిపోతుంది. తొమ్మిది నెలలు మోసి కన్న భార్య మాత్రం, పితృత్వ కేసులలో చేసే మామూలు పరీక్ష ప్రకారం, తల్లి కాదని తేలుతుంది.

నా అభిప్రాయంలో కోర్టు అతనిని కొడుకుగానే చూడాలి. భారతీయ సాక్ష్య అధినియమం 116వ సెక్షను, అంటే పాత సాక్ష్య చట్టంలోని 112వది, వివాహబంధం కొనసాగుతుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త సంతానమేనని భావిస్తుంది. 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం 31వ సెక్షను, ఆ విధానాలలో పుట్టిన బిడ్డను కోరి కన్న దంపతుల సొంత బిడ్డగా పరిగణించమంటుంది. నిషిద్ధమైన పద్ధతికి ఆ సెక్షను వర్తించదని ఎదుటి వకీలు వాదించకుండా ఉండరు. ఆ వాదన నెగ్గితే నష్టపోయేది బిడ్డ ఒక్కడే కనుక అది నిలవకూడదు. పట్టా ఒడియాలో ఉన్నా, అడంగల్ తెలుగులో ఉన్నా వారసత్వ చట్టం రెండు వైపులా ఒకటే.

ఆత్మ సంగతి న్యాయవాది పరిధిలోనిది కాదు. అయినా ఒకే పోలికతో ఉన్న కవలలు ఒకే పిండం నుంచి విడివడతారు. వారికి చెరి సగం ఆత్మ అని ఎవరూ అనరు గదా. మన పురాణాలు మనకంటే ఉదారంగా ఉన్నాయి. నిమి మహారాజు మృతదేహాన్ని ఋషులు మథించగా పుట్టినవాడు జనకుడయ్యాడు, మిథిలను ఏలాడు. తల్లి లేదని అతని వారసత్వాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

ప్రశ్న: నేను కాగితం మిల్లుకు అమ్మడానికి నీలగిరి క్లోన్ మొక్కలు వేశాను. చెట్టుకు తప్పు కానిది మనిషికి ఎందుకు తప్పయింది?
— రైతు, రాయగడ జిల్లా

జవాబు: నర్సరీలో ఏం చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. మంచి చెట్టు రెమ్మలు కోసి వేరు పట్టిస్తారు. వంకర పోయినవి, ఎదగనివి ఏరి పారేస్తారు. ఆ ఏరివేత లేకుండా క్లోనింగు నడవదు. 1996లో స్కాట్లండులో డాలీ అనే గొర్రె పుట్టడానికి ముందు 277 అండాలతో ప్రయత్నిస్తే 29 పిండాలు దక్కాయి, వాటిలో పిల్లగా పుట్టింది ఒక్కటే. హర్యానాలోని కర్నాల్ పాడి పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరిలో పుట్టిన మొదటి క్లోన్ గేదె దూడ కొద్ది రోజులకే చనిపోయింది. ఇదే మనుషుల విషయంలో జరిగితే, ఆ విఫలమైన ప్రయత్నాలు ఒక్కొక్కటీ ఎవరో ఒక స్త్రీ గర్భస్రావమో, అవయవలోపంతో పుట్టిన శిశువో అవుతుంది. ఆ శిశువును పారేసే అధికారం ఎవరికీ లేదు. తక్కిన నైతిక వాదనలన్నీ పక్కన పెట్టినా నిషేధానికి ఈ ఒక్క కారణం చాలునని నేననుకుంటాను. అన్నట్టు, ఆకు ఈనెల మీద, తొడిమల మీద బుడిపెలు కనబడితే అశ్రద్ధ చేయకండి. ఆ బుడిపె పురుగు తట్టుకోలేని రకం మీద పడితే, ఒకే రకం మొక్కలు గనుక తోటంతా ఒక్కసారే దెబ్బ తింటుంది.

ప్రశ్న: మా అబ్బాయి పోయి ఏడాది దాటింది. వాడి పాలపళ్లు దాచుకున్నాను. వాటితో వాణ్ణే మళ్లీ పుట్టించవచ్చని బంధువొకరు అంటున్నారు. నిజమేనా?
— ఒక తల్లి, గుణుపురం

జవాబు: కాదమ్మా. ఏళ్ల తరబడి పెట్టెలో ఎండిన పళ్లలో బతికున్న కణాలు ఉండవు. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. కణాలు ఉన్నా వచ్చేది మీ అబ్బాయి కాదు. 2001 చివర్లో అమెరికాలోని టెక్సస్‌లో మూడు రంగుల పిల్లిని క్లోన్ చేస్తే, పుట్టిన కూనకు ఒంటి మీది మచ్చలు కూడా తల్లిపిల్లి మచ్చలతో కలవలేదు. ఒకే పోలికతో ఉన్న కవలలకు సైతం వేలిముద్రలు వేరుగా ఉంటాయి. ఇక వచ్చే బిడ్డ వైపు నుంచి ఆలోచించండి. వాడు ఏం తిన్నా, ఏం చదివినా అన్నతో పోల్చి చూసే ఇంట్లో పెరగవలసి వస్తుంది; అన్న ఫొటోకు దండ వేసి ఉన్న గోడ ఎదుటే తన పుట్టినరోజులు జరుపుకోవలసి వస్తుంది. మీకు దత్తత ఆలోచన ఉంటే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో వివరాలు చెబుతారు, ఇప్పుడే తొందరపడనక్కరలేదు.

ప్రశ్న: క్లోన్‌ను పెంచి, అవసరమైనప్పుడు కిడ్నీ తీసుకోవడం నేరమా?
— విద్యార్థి, జయపురం

జవాబు: నేరమే. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం, నిబంధనలు అనుమతించిన అరుదైన సందర్భాలలో తప్ప, బతికున్న మైనరు నుంచి అవయవం తీయనివ్వదు. మేజరైతే ఆ వ్యక్తి స్వచ్ఛందమైన సమ్మతి ఉండాలి. పుట్టించిన ఖర్చు తమదైనంత మాత్రాన ఆ సమ్మతి ఇచ్చే హక్కు ఇంకొకరికి రాదు.