మన్ననూరు గేటు దాటి శ్రీశైలం దాకా రోడ్ సైకిల్ మీద పోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ పక్క రోడ్ల మీద ఆదివారాలు అరవై కిలోమీటర్లు తొక్కుతున్నారు, ఘాట్ ఎప్పుడూ ఎక్కలేదు. కల్వకుర్తిలో బయల్దేరి శ్రీశైలం పోయి, రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు తిరిగి రావాలని ఉంది. మీ సైకిల్‌కు వెనక పెద్ద పళ్లచక్రం 28 పళ్లది. అది సరిపోతుందా, ఏ నెలలో పోవాలి, పులి సంగతేంటి అని అడిగారు.

పోవచ్చు. మాది కల్వకుర్తే. ఆ దారిలో నాలుగుసార్లు పోయాను. అందులో ఒకసారి సైకిల్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికొచ్చాను, కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

కొండ మీది గుడి అనగానే పోయేటప్పుడు ఎక్కాలి, వచ్చేటప్పుడు హాయిగా జారిపోవచ్చు అనుకుంటాం. నేనూ అట్లాగే అనుకున్నాను. ఈ దారి లెక్క వేరు. అడవి చెక్‌పోస్టు గేటు ఉన్న మన్ననూరు నుంచి ఫర్హాబాద్ వైపు మెల్లగా ఎత్తుకు చేరతాం. ఆ తర్వాత వటవర్లపల్లి, దోమలపెంట దాకా అడవిలో ఎగుడుదిగుడుగా సాగుతుంది. దోమలపెంట దాటాక రోడ్డు ఒక్కసారిగా మలుపులు తిరుగుతూ కృష్ణ వైపు దిగిపోతుంది. డ్యాం కింద వంతెన దాటి అవతల సున్నిపెంట దాకా మళ్లీ ఎక్కాలి. పెద్ద దిగుడుబావిలోకి ఒక పక్క దిగి ఇంకో పక్క గట్టెక్కినట్టన్నమాట. మొదటిరోజు పొద్దంతా తొక్కి అలిసిపోయిన చేతులతో ఉతారు, అంటే దిగుడు; రెండోరోజు నొప్పుల కాళ్లతో వంతెన దగ్గర్నుంచి దోమలపెంట చడావు, అంటే ఎక్కుడు. మీరు ఇప్పుడు ప్రాక్టీస్ చేస్తున్న కాలువ రోడ్డు ఈ రెండింటిలో దేనికీ పనికిరాదు.

నేను దెబ్బతిన్నది ఉతారులో. నవంబర్ నెల, మధ్యాహ్నం మూడు. మా సడ్డకుడు బైక్ మీద వెనకే వస్తున్నాడు. నా సైకిల్‌కు రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచును (రిమ్) రబ్బర్లతో నొక్కి ఆపేవి. లోయ చూడగానే భయమేసి, మొదటి మలుపు నుంచి రెండు బ్రేకులూ వదలకుండా పట్టుకునే దిగాను. వేగం తక్కువే, ఇరవై దాటలేదు. జాగ్రత్తగా దిగుతున్నానని నన్ను నేనే మెచ్చుకుంటున్నాను కూడా. నాలుగో మలుపో ఐదో మలుపో, ముందు చక్రం తుపాకీ పేలినట్టు టప్పుమంది. అదృష్టం, అక్కడ రోడ్డు తిన్నగా ఉంది, పిట్టగోడకు ఆనుకుని ఆగిపోయాను. ఏమైందోనని రిమ్ మీద వేలు పెడితే చురుక్కుమంది. రెండు రోజులు బొబ్బ తగ్గలేదు.

తర్వాత విప్పి చూస్తే తెలిసింది. ట్యూబ్ మార్చిన దుకాణంవాళ్లు రిమ్ లోపల స్పోక్ రంధ్రాలను కప్పే టేప్ వంకరగా వేశారు. రిమ్ కాగి ట్యూబ్‌లో గాలి వ్యాకోచించి, టేప్ లేనిచోట స్పోక్ రంధ్రంలోకి ఉబ్బి పగిలింది. వాళ్ల తప్పు సగమైతే, బ్రేకు వదలని నా తప్పు సగం. ట్యూబ్ మార్చుదామని సంచి కింద పెట్టి అటు తిరిగేలోపు కోతులు అరటిపళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పట్టుకుపోయాయి. ఓఆర్‌ఎస్ ఏం చేసుకున్నాయో మరి. కొత్త ట్యూబ్ కూడా పది నిమిషాల్లో అదే రంధ్రం దగ్గర పోయింది. అప్పుడొచ్చిన ట్రాలీ ఆటో డ్రైవర్ ఒక మాటన్నాడు, మళ్లీ పోయిన ప్రతిసారీ అదే గుర్తు పెట్టుకుని దిగాను: "ఉతార్ల బ్రేక్ మీద కాలు పెట్టి కూసుంటే లారీకే ఆగది సారూ, నీ సైకిల్‌కు ఆగుతదా?"

పద్ధతి ఇది. చేతులు హ్యాండిల్ కింది వంపుల్లో పెట్టుకోండి, అక్కడినుంచే బ్రేకు గట్టిగా అందుతుంది. తిన్నగా ఉన్నచోట వదిలేయండి, గాలి కూడా మిమ్మల్ని వెనక్కి లాగుతుంది, ఆ పని బ్రేకుకు తప్పుతుంది. మలుపు ఇంకా ముందుండగానే రెండు బ్రేకులూ గట్టిగా, కొద్దిసేపే పట్టి వేగం దించి, మలుపులోకి పోయేసరికి వదిలేయాలి. అట్లా వదిలిన ప్రతిసారీ రిమ్ చల్లారుతుంది. మలుపు బయటి వైపు పెడల్ కిందికి ఉండాలి. చూపు రోడ్డు పోయే వైపు ఉండాలి, పిట్టగోడ వైపు చూస్తే సైకిల్ కూడా అటే పోతుంది. డిస్క్ బ్రేకులున్నా పద్ధతి ఇదే, రిమ్ కాగే బాధ మాత్రం ఉండదు. బయల్దేరే ముందు బ్రేక్ రబ్బర్లు కొత్తవి వేయించి, రిమ్ టేప్ మీ కళ్లతో మీరే చూసుకోండి. మలుపుల్లో బస్సులు అవతలి సగం కూడా వాడుకుంటాయి, మీ ఎడమ అంచు వదలకండి.

ఇక 28 పళ్ల సంగతి. ముందు చిన్న పళ్లచక్రం 34 పళ్లది అనుకుంటున్నాను. సైకిల్ చక్రం చుట్టుకొలత టైరుతో కలిపి దాదాపు 2.1 మీటర్లు. ముందు 34కి వెనక 28 వేస్తే ఒక తొక్కుకు, అంటే పెడల్ పూర్తిగా ఒక చుట్టు తిరిగితే, 2.55 మీటర్లు పోతుంది. వెనక కూడా 34 వేస్తే 2.1 మీటర్లే. గట్టి చడావులో మనలాంటివాళ్లం గంటకు ఏడు కిలోమీటర్లు పోతే గొప్ప. ఆ వేగంలో 28తో నిమిషానికి దాదాపు 46 తొక్కులు పడతాయి, 34తో 56. పది తొక్కులే కదా అనిపిస్తుంది. నిమిషానికి 46 అంటే ప్రతి తొక్కూ మెట్టు ఎక్కినట్టే, ఆ బరువంతా మోకాలు మీద పడుతుంది. నేను మొదటిసారి 28తోనే పోయి చివరి మలుపుల్లో దిగి నెట్టుకుంటూ నడిచాను. ఒక లారీ క్లీనర్ కిటికీలోంచి "చైన్ తెగిందా అన్నా?" అని అడిగితే తెగిందనే చెప్పాను. 32 గానీ 34 గానీ వేయించుకోండి. వెనక గేరు మార్చే పరికరం పొట్టిదైతే అంత పెద్ద చక్రాన్ని మోయలేదు, దాన్ని కూడా మార్చాల్సి వస్తుంది, ముందే మెకానిక్‌ను అడగండి.

నెలల మాటకొస్తే, నవంబర్ నుంచి జనవరి. జూన్, జూలైలో నైరుతి గాలి ఎదురు కొడుతుంది, కల్వకుర్తి నుంచి డిండి దాకా ఆపడానికి చెట్టు కూడా ఉండదు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఇంకో తలనొప్పి. శ్రీశైలం నీటిమట్టం 885 అడుగులకు దగ్గరపడి గేట్లు ఎత్తారని టీవీలో వస్తే చాలు, హైదరాబాద్ కార్లన్నీ ఆ ఘాట్‌లోనే ఉంటాయి. నీళ్లు చూడటానికి బాగుంటుంది, కాదనను. బస్సులో పోయి చూసి రండి. మార్చి తర్వాత అడవి ఆకు రాల్చి రోడ్డు మీద నీడ ఉండదు.

మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. అక్కడినుంచి శ్రీశైలం దాదాపు డెబ్బై కిలోమీటర్లు. కల్వకుర్తి నుంచి మన్ననూరుకే అరవై దాకా ఉంటుంది. అందుకే ఒక రాత్రి ముందే మన్ననూరు చేరి పడుకుని, ఆరింటికి గేటు దగ్గర నిలబడటం మేలు. ఉతారు తాజా చేతులతో, మంచి వెలుతురులో దొరుకుతుంది. రెండు రోజులనుకున్నది మూడు రోజులవుతుంది, సెలవు పెట్టుకోండి.

పులులు ఉన్నాయి, అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. నాలుగుసార్లలో నాకు కనబడినవి దుప్పులు, నెమళ్లు, లెక్కలేనన్ని కోతులు. పగటిపూట వాహనాలు తిరిగే రోడ్డు, రోడ్డు దిగకండి, పొద్దు వాలాక ఉండకండి. పులి కన్నా స్పీడ్ బ్రేకర్లతో ఎక్కువ జాగ్రత్త. చెట్ల నీడలో అవి కనబడవు, సన్న టైరుకు ఒక్కటి చాలు. అక్కడ ప్లాస్టిక్ నిషేధం, సైకిల్‌కు స్టీల్ సీసాలు కట్టుకోండి. వటవర్లపల్లిలో టీ, టిఫిన్ దొరుకుతాయి, నీళ్లు అక్కడే నింపుకోండి.

ముందు మీ నల్లగొండలోనే రెండు నెలలు తయారవ్వండి. కొండమల్లేపల్లి నుంచి సాగర్ రోడ్డులో అంగడిపేట మీదుగా పోతే గుట్టలు వస్తాయి.  అది అలవాటయ్యాక దేవరకొండ దగ్గర్నుంచి నేరేడుగొమ్ము వైపు, వైజాగ్ కాలనీ అనే ఊరికి పోయి రండి. సాగర్ వెనక జలాలు ఒడ్డు దాకా ఉంటాయి, అవతల కొండలు, మధ్యలో తెప్పలు. రోడ్డు నీళ్ల దాకా దిగి ఆగిపోతుంది, మళ్లీ అదే రోడ్డు ఎక్కి రావాలి. శ్రీశైలం లెక్కే, కొలత చిన్నది. ఒకే రోజు రెండుసార్లు దిగి ఎక్కగలిగితే మన్ననూరుకు బయల్దేరొచ్చు. ఒడ్డున చేపల వేపుడు వాసన పిలుస్తుంది. రెండో చడావు అయ్యేదాకా ముట్టుకోకండి, నేను ముట్టుకుని సగం గుట్టలో కూలబడ్డాను.