పంటి సందేహాలు: నొప్పి లేని పన్నుకు వైద్యం ఎందుకు?

ప్రశ్న: మూడు నెలల క్రితం కింది దవడ పన్ను ఒకటి రాత్రిళ్ళు కంటి మీద కునుకు లేకుండా సలిపింది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు వారం రోజులు వేసుకుని, లవంగం నూనె అద్దుకుంటే పూర్తిగా తగ్గిపోయింది. ఇప్పుడు వేడి తగిలినా, చల్లటి నీళ్ళు తాగినా ఏమీ అనిపించడం లేదు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి మాత్రం రూట్ కెనాల్ చేయించుకోమని రోజూ ఫోనులో పోరుతున్నాడు. నొప్పి లేని పన్నుకు అంత ఖర్చు దేనికండీ?
– ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి పోరు సబబైనదే. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది మూడు నెలల నాటి సలుపు కాదు, ఇప్పుడు చల్లటి నీళ్ళు తగిలినా ఏమీ అనిపించడం లేదన్న మాట. ఆరోగ్యంగా ఉన్న పన్ను మీద ఐసుముక్క పెడితే క్షణకాలమైనా జివ్వుమనాలి. ఒకప్పుడు అంతగా సలిపిన పన్ను ఈనాడు చలికి కూడా పలకడం లేదంటే, దాని లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చునని అనుమానించాలి.

పన్ను పైన గట్టిగా ఉండే పొర ఎనామిల్, దాని కింద డెంటిన్, ఆ లోపల రక్తనాళాలూ నరాలూ ఉన్న మెత్తని గుజ్జు ఉంటాయి. పుచ్చు ఆ గుజ్జును చేరగానే అది వాస్తుంది. ఒంట్లో మరెక్కడ వాచినా చర్మం సాగి చోటిస్తుంది గాని, పంటి లోపల నలువైపులా గట్టి గోడలే కనుక ఆ ఒత్తిడి అంతా నరం మీదనే పడుతుంది. పడుకున్నప్పుడు తలవైపు రక్తప్రసరణ పెరిగి ఆ ఒత్తిడి మరింత హెచ్చుతుంది కాబట్టే పగలంతా ఓర్చుకోగలిగిన నొప్పి రాత్రి భరించలేనిదవుతుంది. కొన్నాళ్ళకు గుజ్జు కుళ్ళి నరం చచ్చిపోయాక నొప్పి ఉండదు, సూక్ష్మజీవులు మాత్రం వేరు కొన గుండా దవడ ఎముకలోకి నెమ్మదిగా దిగుతూనే ఉంటాయి. అక్కడ చీము పట్టి ఒక నాటి ఉదయం చెంప పూరీలా ఉబ్బిన తరువాత వచ్చే రోగులను వారం వారం చూస్తుంటాము. అది సాధారణంగా ఇంట్లో పెళ్ళి ఉన్న వారమే అయి ఉంటుంది.

లవంగం నూనెను నేను తీసిపారేయను. అందులోని యూజినాల్ నిజంగానే నొప్పిని మొద్దుబారుస్తుంది, దానిని జింక్ ఆక్సైడుతో కలిపి తాత్కాలిక సిమెంటుగా మేము కూడా వాడుతున్నాము. అయితే అది పుచ్చును ఆపలేదు, తిన్నగా చిగురు మీద పోస్తే చిగురు కాలుతుంది కూడా. మందుల షాపు మాత్రల సంగతి వేరు. యాంటీబయాటిక్ రక్తంతో పాటు ప్రయాణించి పనిచేసే మందు, గుజ్జు చచ్చిన పంటిలోకి రక్తమే చేరదు కనుక మందూ చేరదు. చీము ఒంట్లోకి పాకి, వాపో జ్వరమో ఉన్నప్పుడు ఆ మందు అవసరమే గాని, కేవలం పంటి సలుపుకు కౌంటరు దగ్గర అడిగి తెచ్చుకునేది కాదు.

కనుక ఒకసారి ఎక్స్‌రే తీయించుకోండి. చల్లదనంతో పరీక్షించి, పంటిపై తట్టి చూసి, ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర నల్లటి నీడ ఉందో లేదో డాక్టరు చెబుతారు. రూట్ కెనాల్ అంటే కుళ్ళిన గుజ్జును తీసివేసి, వేరులోని సన్నని కాలువలను శుభ్రపరచి, మళ్ళీ సూక్ష్మజీవులు చేరకుండా మూసివేయడమే. ముందు పళ్ళలో సాధారణంగా ఒకటే కాలువ ఉంటుంది, దవడ పళ్ళలో మూడు నాలుగు ఉంటాయి కాబట్టి సమయం, ఖర్చు కూడా ఎక్కువ. మత్తు ఇంజక్షను ఇచ్చి చేస్తారు గనుక, ఇరుగుపొరుగు చెప్పినంత భయం అక్కరలేదు.

మన చిన్న ఊళ్ళలో అసలు చిక్కు వైద్యం మొదలుపెట్టడంలో కంటే పూర్తి చేయడంలో ఉన్నది. రూట్ కెనాల్ చేసే స్పెషలిస్టు పట్నం నుంచి ఆదివారం మాత్రమే వస్తారు, ఒక ఆదివారం ఆయనకు కుదరదు, మరుసటి వారం మీకు నోములో, నాట్లో, చుట్టాలో అడ్డం వస్తారు. మొదటి సిట్టింగుతో నొప్పి పోతుంది కాబట్టి తొందర కూడా ఉండదు. కొన్ని వారాల కోసం పెట్టిన తాత్కాలిక సిమెంటు నెలల తరబడి నోట్లో ఉండి, అరిగి, దాని పక్కనుంచి లాలాజలం మళ్ళీ కాలువల్లోకి చేరుతుంది. వైద్యం చేసిన పన్ను మీద తొడుగులా వేసే క్యాప్ వేయించకుండా వదిలేసిన దవడ పన్ను ఏ చేగోడీ నములుతున్నప్పుడో నిలువునా చీలిపోతుంది, అప్పుడు పీకడం తప్ప మార్గం ఉండదు. అందుచేత మొదలుపెట్టే ముందే ఎన్ని సిట్టింగులు, ఏ తేదీలు, క్యాప్‌తో కలిపి మొత్తం ఎంత అని అడిగి కాగితం మీద రాయించుకోండి. పన్ను నిలబెట్టలేనంతగా పాడైనా, అంత ఖర్చు ఇప్పట్లో వీలుపడకపోయినా, పీకించుకోవడం కూడా గౌరవమైన వైద్యమే. కాకపోతే ఆ ఖాళీలోకి పక్క పళ్ళు ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది, కాబట్టి దానిని ఎలా పూరించాలో కూడా అదే రోజు మాట్లాడుకోవాలి.

ప్రశ్న: మా ఊళ్ళో పంటి డాక్టర్లు ఇద్దరే. ఒకరు మా వారి స్నేహితుని అల్లుడు. పళ్ళు క్లీనింగ్ చేయించుకుందామని ఆయన దగ్గరకు వెళితే ఆరు పళ్ళకు పని ఉందని, అందులో రెండింటికి రూట్ కెనాల్ చేసి క్యాప్‌లు వేయాలని చెప్పారు. నాకు ఎక్కడా నొప్పి లేదు. రెండో డాక్టరుకు చూపించుకుంటే సాయంత్రానికల్లా ఈయనకు తెలిసిపోతుంది. మొహమాటంతో ఒప్పుకోవాలా?
– పేరు, ఊరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: నొప్పి లేకపోవడం జబ్బు లేదనడానికి సాక్ష్యం కాదని పాలకొల్లు సోదరికి ఇచ్చిన జవాబులో చెప్పాను, కనుక ఆ డాక్టరు మాట అబద్ధమని నేను అనలేను. అలాగని అడగకుండా ఒప్పుకోవలసిన పని కూడా లేదు. ఒక్కొక్క పన్నునూ ఎక్స్‌రే మీద చూపించమని, ఏది ఆగదో, ఏది ఆరు నెలలు ఆగుతుందో, దేనికి మామూలు ఫిల్లింగు సరిపోతుందో చెప్పమని అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే డాక్టరు దగ్గర ఆరు పళ్ళ పని చేయించుకోవడం మంచిది కాదు.

ఆ వివరమంతా పంటి నంబర్లతో సహా కాగితం మీద తీసుకోండి. ఆ నంబర్లు చూసి కంగారు పడనక్కరలేదు. మొదటి అంకె దవడ భాగాన్ని చెబుతుంది: మీ పై కుడివైపు 1, పై ఎడమ 2, కింది ఎడమ 3, కింది కుడి 4. రెండో అంకె నడిమి గీత నుంచి ఎన్నో పన్నో చెబుతుంది. 36 అంటే కింది ఎడమవైపున ఆరో పన్ను, అనగా సుమారు ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను. పాలపన్ను ఊడకుండానే దాని వెనుకగా వస్తుంది కాబట్టి చాలా ఇళ్ళలో అదీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు, అందుకే పెద్దయ్యాక ముందుగా పుచ్చి దొరికేది తరచుగా అదే అయి ఉంటుంది.

ఆ కాగితం, ఎక్స్‌రే ఫోటో చేతిలో ఉంటే ఊళ్ళోని రెండో డాక్టరు గడప ఎక్కనక్కరలేదు. జిల్లా కేంద్రానికి వేరే పని మీద వెళ్ళినప్పుడు అక్కడ చూపించుకోవచ్చు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ డెంటల్ కళాశాలలు ఉన్నాయి, ప్రైవేటు డెంటల్ కళాశాలలు రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నాయి. అక్కడ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు, ఖర్చు తక్కువ, కాని ఒక పూట పని రోజంతా పడుతుంది. మొహమాటం ఉన్నచోట "మా అమ్మాయి పట్నంలో ఒకసారి చూపిస్తానంటున్నది" అన్న మాట మన ఊళ్ళలో ఎవరినీ నొప్పించదు. తిరిగి వచ్చి ఆయన దగ్గరే ఒక పన్నుతో మొదలుపెట్టి, అది కుదిరాక మిగిలినవి చేయించుకోవచ్చు.

డాక్టరు పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. పట్నంలో ఊడిపోయిన క్యాప్ సంగతి ఆ రోగికి, ఆ క్లినిక్కుకు మాత్రమే తెలుస్తుంది, చిన్న ఊళ్ళో అది మరునాడు టిఫిను హోటలులో చర్చకు వస్తుంది. స్నేహితుని అల్లుడన్న చుట్టరికం మీద సగం ధరకు బేరమాడి, మిగతా సగం పంట డబ్బు వచ్చాక ఇస్తామనే వాళ్ళ మధ్యనే ఆయన బతకాలి. ఆయనా మొహమాటపడుతూనే ఉండి ఉంటారు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మొహమాటమూ పనికిరాదు. వైద్యం చేసేవారి పేరు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్టరులో ఉండాలి, ఆ నంబరు క్లినిక్కులో కనిపించాలి. 1948 నాటి డెంటిస్టుల చట్టం వచ్చినప్పుడు, డిగ్రీ లేకపోయినా అప్పటికే కొన్నేళ్ళుగా పళ్ళ వైద్యం చేస్తున్నవారిని రిజిస్టరులో 'బి' భాగం కింద నమోదు చేసుకునే వీలు కల్పించారు. ఆ తరం గతించింది. తాతగారి బోర్డు కింద డిగ్రీ లేకుండా కూర్చున్న మనవడికి, సంతరోజు చాప పరచి పళ్ళు కట్టేవారికి ఆ వీలు వర్తించదు.

ప్రశ్న: మా బడిలో చాలామంది పిల్లల ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉన్నాయి. సరిగ్గా తోముకోవడం లేదని ఇళ్ళలో తిడుతున్నారు, కొందరు ఇటుక పొడితో రుద్దిస్తున్నారు. ఈ మచ్చలు పోయే మార్గం ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, కనిగిరి

జవాబు: మాస్టారూ, ముందుగా ఆ ఇటుక పొడిని మాన్పించండి. బొగ్గు, కచ్చిక, రాళ్ళ ఉప్పు కూడా అంతే, అవి ఎనామిల్‌ను అరగదీస్తాయి గాని ఈ మచ్చను తీయలేవు, ఎందుకంటే మచ్చ పంటి పైన అంటుకున్నది కాదు, పన్ను తయారయ్యేటప్పుడే లోపల ఏర్పడినది. ముందు పళ్ళ ఎనామిల్ చిగురు కింద దాదాపుగా మొదటి నాలుగేళ్ళలో తయారవుతుంది. ఆ కాలంలో బిడ్డ తాగిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉంటే, ఆరేడేళ్ళకు పన్ను బయటకు వచ్చేటప్పటికే మరక దానితో వస్తుంది. పిల్లవాడి తప్పు ఇందులో రవ్వంత కూడా లేదని తల్లిదండ్రుల సమావేశంలో మీరే గట్టిగా చెప్పాలి.

మీ ప్రాంతానికి ఇది కొత్త కాదు. కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను గురించి మన దేశంలో తొలి వైద్య నివేదిక ఆ జిల్లా నుంచే వెలువడింది. తరువాత నల్లగొండ జిల్లా పేరు ఈ జబ్బుకు పర్యాయంగా మారిపోయింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించడానికి నాగపూరులోని 'నీరి' సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చింది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 దాకా అనుమతించవచ్చని మన దేశ ప్రమాణం. చాలామంది చేసే పొరపాటు నీళ్ళు మరిగించడం. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై మిగిలినదానిలో దాని సాంద్రత ఇంకా పెరుగుతుంది. బోరు నీటిని పరీక్ష చేయించి, బడిలోనూ ఇళ్ళలోనూ తాగడానికి, వండడానికి రక్షిత నీటినో, ఆర్‌ఓ నీటినో వాడితే ఇప్పుడు చంటిబిడ్డలుగా ఉన్నవారికి ఈ మచ్చలు రాకుండా ఆపవచ్చు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పేస్టు బఠాణీగింజంత, మూడేళ్ళ లోపు వారికి బియ్యపుగింజంత చాలు, మింగకుండా ఉమ్మేటట్టు పెద్దలు పక్కన నిలబడి చూడాలి.

వచ్చిన మచ్చలలో తేలికపాటివి డాక్టరు పై పొరను సన్నగా మెరుగుపెట్టి, అవసరమైతే బ్లీచింగ్ చేసి చాలా వరకు తగ్గించగలరు. ముదురు మచ్చలకు పంటి రంగు ఫిల్లింగు పూత వేయవచ్చు, పంటి ముందు భాగాన అతికించే పలుచని పొరలైన వెనీర్ల వంటి ఖరీదైనవి ఎదుగుదల పూర్తయ్యాక ఆలోచించవచ్చు. తేలికపాటి మచ్చ ఉన్నంత మాత్రాన ఆ పన్ను బలహీనమైనది కాదు, అందుకని అన్నింటికీ వైద్యం చేయించాలన్న నియమమేమీ లేదు.

ప్రశ్న: పై కోరపన్ను పీకించుకుంటే చూపు పోతుందని మా అత్తమ్మ నన్ను ఆపుతున్నది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: నిజం కాదు. చూపును మోసే నరం కంటి వెనుక నుంచి తిన్నగా మెదడుకు వెళుతుంది, దానికీ పళ్ళకూ సంబంధం లేదు. పళ్ళు పీకించుకునే వయసు, కంటిలో శుక్లం వచ్చే వయసు తరచుగా ఒకటే కావడం వల్ల ఈ నమ్మకం నిలిచి ఉంటుందని నా ఊహ. కుళ్ళిన పై కోరపన్నును అలాగే ఉంచుకుంటే మాత్రం వాపు కంటి కింది దాకా పాకి కన్ను మూసుకుపోయే ప్రమాదం ఉందని అత్తమ్మగారికి చెప్పండి.

ప్రశ్న: మా అమ్మకు అరవై దాటాయి. పెళ్ళి నాటి నుంచి చుట్టను అడ్డపొగగా, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. ఈ మధ్య అంగిట్లో తెల్లటి మందపు చర్మం, మధ్యలో ఎర్రటి చోటు కనిపిస్తున్నాయి. నొప్పి లేదని, ఆసుపత్రికి రానని అంటున్నది.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఈ వారం ఉత్తరాలన్నింటిలో ఇదే తొందరగా కదలవలసినది. అడ్డపొగ కాల్చేవారి అంగిలికి నిప్పు వేడి, పొగాకు విషం రెండూ నేరుగా తగులుతాయి. మీ జిల్లా గ్రామాలలో పదివేల మందికి పైగా నోళ్ళు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం అడ్డపొగ కాల్చేవారి అంగిలిలో వచ్చే ఈ మార్పులనే వివరించింది. నోటి క్యాన్సరు చాలాసార్లు నొప్పి లేకుండానే మొదలవుతుంది, అందులోనూ తెల్లటి మచ్చ మధ్య ఎర్రటి చోటు ఉండడం అశ్రద్ధ చేయరాని లక్షణం. ఇది క్యాన్సరని నేను అనడం లేదు, చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే గాని ఎవరూ చెప్పలేరు. ఈ వారంలోనే ప్రభుత్వ ఆసుపత్రిలోని పంటి డాక్టరుకు గాని, డెంటల్ కళాశాలలో నోటి వ్యాధుల విభాగంలో గాని చూపించండి. ఆ వయసులో చుట్ట మానమంటే వినరని మీరే వదిలేయవద్దు, మానిన తరువాత ఈ మచ్చలు కొన్ని తగ్గుముఖం పడతాయి. అమ్మగారు ఆసుపత్రి పేరు చెబితే రాకపోతే, పళ్ళు చూపించుకుందామని తీసుకువెళ్ళండి, నోరు తెరిచాక అంగిలిని డాక్టరే చూస్తారు.

ప్రశ్న: బడిలో ఆడుకుంటూ పడి మా తొమ్మిదేళ్ళ బాబుకు ముందు పన్ను వేరుతో సహా ఊడి వచ్చింది. దానిని పారేసి, మూడు రోజుల తరువాత డాక్టరుకు చూపించాము. ఊడిన పన్ను తెచ్చి ఉంటే తిరిగి పెట్టేవాళ్ళమని ఆయన అన్నారు. ఇది సాధ్యమేనా?
– ఒక తండ్రి, సిద్దిపేట

జవాబు: సాధ్యమే, కాని గంటలోపు, వీలైతే అరగంటలోపు. శాశ్వత పన్ను ఊడితే దానిని పై భాగం పట్టుకుని ఎత్తాలి, వేరును తాకరాదు, గీకరాదు. మట్టి అంటితే నీటితో కొద్ది క్షణాలు కడిగి, చేయగలిగితే అదే గుంతలో తిరిగి పెట్టి, బట్ట కొరికి పట్టుకోమనాలి. ధైర్యం చాలకపోతే చల్లటి పాలలో వేసుకుని పరుగెత్తాలి. నీళ్ళలో వేసినా, జేబురుమాలులో చుట్టినా వేరు చుట్టూ ఉన్న కణాలు చచ్చిపోతాయి. పాల ప్యాకెట్టు బడి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో దొరుకుతుంది కాబట్టి ఈ సంగతి బడిలో డ్రిల్లు మాస్టారుకు కూడా చెప్పి ఉంచండి. ఊడినది పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు, కింద పెరుగుతున్న పన్ను దెబ్బతింటుంది. మీ బాబుకు ప్రస్తుతం ఆ ఖాళీ మూసుకుపోకుండా తీసి పెట్టుకునే పన్ను చేయించండి, స్థిరమైన పన్ను సంగతి దవడ ఎదుగుదల పూర్తయ్యాక, పద్దెనిమిదేళ్ళు దాటిన తరువాత చూసుకోవచ్చు.