వ్యోమగామి శుభాంశు శుక్లా 400 కిలోమీటర్ల ఎత్తులోని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి (స్పేస్ స్టేషన్‌కి) వెళ్లడానికి 28 గంటలు ఎందుకు పట్టింది?

ఎత్తు అసలు సమస్యే కాదు. 2025 జూన్ 25న మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం 12:01కి ఫాల్కన్ 9 రాకెట్ లేచింది, పది నిమిషాలకల్లా ఆయన కూర్చున్న డ్రాగన్ వ్యోమనౌక కక్ష్యలో ఉంది. మిగతా సమయమంతా స్టేషన్‌ని అందుకోవడానికే పట్టింది, ఎందుకంటే అది ఒకచోట ఆగి ఉండదు, గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో ప్రతి 90 నిమిషాలకూ భూమిని ఒక చుట్టు చుట్టేస్తుంది.

నాకు భలే నచ్చే విషయం ఇక్కడే ఉంది. ముందున్నదాన్ని పట్టుకోవాలని వెనకనుంచి ఇంజన్ మండించి స్పీడు పెంచితే కక్ష్య పెద్దదైపోతుంది, చుట్టు తిరగడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది, అంటే మరింత వెనకబడిపోతాం. అందుకే డ్రాగన్ మొదట కిందనే ఉంటుంది. కింది కక్ష్యలో చుట్టు త్వరగా పూర్తవుతుంది కాబట్టి దూరం దానంతటదే తగ్గుతూ వస్తుంది, అప్పుడు కొంచెం కొంచెంగా పైకి జరుగుతుంది.

స్టేషన్ సరిగ్గా అనువైన చోట ఉన్నప్పుడు ప్రయోగిస్తే ఇంత సేపు అక్కర్లేదు, 2020 అక్టోబరులో రష్యా వ్యోమనౌక సోయుజ్ మూడు గంటల్లోనే చేరింది.

చివరి ఘట్టం మాత్రం చాలా నెమ్మది. డ్రాగన్, స్టేషన్ రెండూ అంత వేగంతో పోతున్నా, ఒకదానితో పోలిస్తే ఇంకొకటి సెకనుకు కొన్ని సెంటీమీటర్లే కదులుతుంది. ముందు రెండింటినీ కలిపే రింగులు మెత్తగా తాకుతాయి, తర్వాత 12 కొక్కేలు బిగుసుకుంటాయి. గాలి ఎక్కడా లీక్ అవ్వట్లేదని తేలాకే, దాదాపు రెండు గంటల తర్వాత, తలుపు తెరిచారు.