చీకట్లో బండి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జాతర మైదానాల్లో వేసే భూత్ బంగ్లాల గురించే. బండిలో కూర్చోబెట్టి, పట్టా మీద చీకటి గదుల గుండా తిప్పి, దారి పొడుగునా బొమ్మలూ వెలుగులూ చూపించే ఈ ఆటను పెద్ద పార్కుల్లో డార్క్ రైడ్ అంటారు. ఎక్కేవాళ్లూ రాశారు, కట్టాలనుకునేవాళ్లూ రాశారు.

ప్రశ్న: ఠాకురాణి యాత్రకు వేసిన భూత్ బంగ్లా ఎక్కి వచ్చిన మా పిల్లలు "ఏం లేదు నాన్నా, ఒట్టి చీకటే" అన్నారు. లోపల బొమ్మలు ఇరవై దాకా ఉన్నాయని టిక్కెట్టు ఇచ్చినాయన చెప్పాడు. మరి లోపం ఎక్కడుంది? (ఒక తండ్రి, బరంపురం)

జవాబు: ఇరవై కాదు, యాభై బొమ్మలు పెట్టినా అంతే. పిల్లల చూపు ఏ క్షణంలో ఎటు ఉంటుందో కట్టినవాళ్లు లెక్క వేసుకోలేదు. చుట్టూ ఏమీ కనబడనప్పుడు ఎక్కడ చిన్న వెలుగు ఉంటే మన కళ్లు అక్కడికే పోతాయి. చూపును కావలసిన చోటికి తిప్పడానికే ఈ ఆటలో చీకటి. ఇది పట్టుకుంటే ఎనిమిది బొమ్మలు చాలు.

మొదటి పొరపాటు ద్వారం దగ్గరే జరుగుతుంది. యాత్ర మైదానంలో ఫోకస్ లైట్ల వెలుతురులో అరగంట తిరిగినవాళ్లు ఒక్కసారిగా లోపలికి వస్తారు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై నిమిషాల పైనే కావాలి. ఆట రెండు నిమిషాలు కూడా ఉండదు. అందుకే మొదటి పది పన్నెండు సెకన్లలో పెట్టిన మసక బొమ్మ ఎవరికీ కనబడదు, దాని ఖర్చు వృథా. ఆ భాగంలో శబ్దం, గాలి, మొహానికి తగిలే దారప్పోగులు పెట్టాలి, బొమ్మలు కాదు. ద్వారానికి ఒక తెర చాలదు. మధ్యలో మలుపుతో రెండు తెరలుంటే బయటి వెలుతురు లోపలికి రాదు. గోడలకు మాత్రమే నల్లరంగు వేసి పైకప్పు టార్పాలిన్‌ను నీలంగానే వదిలేస్తారు చాలామంది. పగటి ఆటకు అదే కొంప ముంచుతుంది. నేల, కప్పు, ఇనుప స్తంభాలు అన్నీ మెరుపు లేని నలుపే కావాలి.

రెండోది, తిన్నటి దారి. బండి ఎక్కగానే ఎదుట మూడు బొమ్మలు వరసగా కనబడితే ఇక భయపడటానికి ఏం మిగిలింది? 1928 ప్రాంతంలో అమెరికాలోని న్యూజెర్సీలో లియోన్ కాసిడీ ఒంటిపట్టా మీద కరెంటుతో నడిచే బండిని తయారుచేశాడు. ఆ ఒక్క పట్టా వల్ల చాలా ఇరుకైన మలుపులు సాధ్యమయ్యాయి. జాతరల్లో ఇప్పటికీ నడిచే బళ్లకు మూలం అదే. మలుపు తిరిగాక కనబడేది మలుపుకు ముందు కనబడకూడదు. గదికీ గదికీ మధ్య బండి తోసుకుపోయే తలుపు పెడితే పక్క గది అరుపులు కూడా కొంత ఆగుతాయి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఎడమవైపు సన్నటి వెలుగులో ఉయ్యాల తనంతట తాను ఊగుతోందనుకోండి. అందరూ అటే చూస్తారు. అప్పుడు కుడివైపు నుంచి దెబ్బ పడాలి, అంటే భయపెట్టేది హఠాత్తుగా బయటపడాలి. తరవాత అయిదారు సెకన్లు ఏమీ జరగకూడదు, ఆ ఖాళీలోనే మనసు తర్వాతిదాన్ని ఊహించుకుని భయపడుతుంది. ఒకే రకం దెబ్బ మూడుసార్లు కొడితే నాలుగోసారి పిల్లలు నవ్వుతారు. చివర్లో బయటి తలుపు సందులోంచి వెలుతురు కనబడి "అయిపోయింది" అనుకుని ఒళ్లు సడలించినప్పుడు ఇంకొక్కటి ఉండాలి.

ప్రశ్న: మజ్జిగౌరమ్మ చైత్ర యాత్రకు నలభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు స్థలంలో చిన్న డార్క్ రైడ్ వేద్దామని నలుగురం అనుకుంటున్నాం. ఎన్ని బళ్లు కావాలి? గంటకు ఎంతమంది ఎక్కుతారు? (ఒక బృందం, రాయగడ)

జవాబు: మీ స్థలం సుమారు 12 మీటర్లు, 18 మీటర్లు. బండికి, పక్కన దృశ్యానికి కలిపి వరసకు 3 మీటర్లు వదిలితే దారి అటూ ఇటూ తిరిగే నాలుగు వరసలు పడతాయి. మలుపులతో కలిపి దారి సుమారు 70 మీటర్లు. వరసలు సరిసంఖ్యలో ఉన్నాయి కాబట్టి బండి బయల్దేరిన వైపే తిరిగొస్తుంది. ఎక్కే చోటు, దిగే చోటు పక్కపక్కనే పెట్టి ఒకే మనిషితో చూసుకోవచ్చు.

వేగం సెకనుకు 0.75 మీటరు దాటనివ్వకండి. ఆ లెక్కన ఆట 93 సెకన్లు. అరనిమిషానికో బండి వదిలితే లోపల మూడు లేక నాలుగు బళ్లు, స్టేషన్లో ఎక్కేది ఒకటి, దిగేది ఒకటి, మొత్తం ఆరు చాలు. ఇద్దరు కూర్చునే బళ్లయితే గంటకు 240 మంది అని కాగితం మీద వస్తుంది. పిల్లల్ని ఎక్కించడం, ఒడి మీద బార్ దించడం, ఏడ్చేవాళ్లను దింపడం వల్ల అందులో మూడొంతులే, అంటే 180 దగ్గర లెక్క పెట్టుకోండి. టిక్కెట్టు ధర ఈ సంఖ్య మీద వేసుకోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అరనిమిషం ఎడం అంటే బండికీ బండికీ మధ్య 22 మీటర్ల చిల్లర. ముందు బండి ఆగిపోతే చీకట్లో వెనకది వచ్చి గుద్దుతుంది. అందుకని దారిని 17.5 మీటర్ల చొప్పున నాలుగు బ్లాకులుగా, అంటే ఒకసారికి ఒక్క బండే ఉండాల్సిన ముక్కలుగా విడదీయండి. ప్రతి బ్లాకు చివర రెండు మీటర్ల పట్టాకు కరెంటు వేరుగా ఇవ్వండి. ముందు బ్లాకులో బండి ఉన్నంతసేపు ఆ రెండు మీటర్లకు కరెంటు రాకూడదు. వెనక బండి అక్కడికొచ్చి తనంతట తానే ఆగుతుంది, ముందుది వెళ్లగానే కదులుతుంది. పట్టాలో ఇచ్చేది 24 లేదా 48 వోల్టుల డీసీ మాత్రమే. ఇంటి కరెంటు 230 వోల్టులను పట్టా దరిదాపులకు రానివ్వకండి.

ప్రశ్న: మా దగ్గర గాలి సిలిండరుతో లేచే దయ్యం బొమ్మ బండి దాటిపోయాక లేస్తోంది. సాయంత్రం బాగానే ఉంటుంది, రాత్రి తొమ్మిదయ్యేసరికి నీరసంగా లేస్తోంది. సెన్సరు మార్చినా అంతే. (ఒక ఫిట్టర్, జయపురం, కొరాపుట్ జిల్లా)

జవాబు: సెన్సరు మంచిదే అయ్యుంటుంది, పెట్టిన చోటు తప్పు. సెన్సరు, గాలిని వదిలే వాల్వు, సిలిండరు పూర్తిగా చాచుకోవడం కలిపి సుమారు 0.6 సెకను తీసుకుంటాయి. సెకనుకు 0.75 మీటరు వేగంలో బండి ఆలోపు 45 సెంటీమీటర్లు ముందుకొచ్చేస్తుంది. కూర్చున్న మనిషి కళ్లకు బొమ్మ 1.2 మీటర్ల దూరంలో ఉండగా అది పూర్తిగా లేచి ఉండాలి. అంటే సెన్సరు పనిచేసే క్షణానికి కళ్లు 1.65 మీటర్ల దూరంలో ఉండాలి. సెన్సరు కిరణాన్ని కోసేది కళ్లు కాదు, బండి ముక్కు. అది కళ్లకంటే సుమారు 70 సెంటీమీటర్లు ముందుంటుంది. కాబట్టి కిరణం బొమ్మకు దాదాపు ఒక మీటరు ముందు ఉండాలి. మీ బండి ముక్కు కొలిచి సరిచేసుకోండి.

రాత్రి నీరసం గాలి వల్ల. 40 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), 200 మిల్లీమీటర్ల స్ట్రోకు (కడ్డీ కదిలే దూరం) ఉన్న సిలిండరు 5 బార్ ఒత్తిడి దగ్గర ఒకసారి లేచి దిగితే మామూలు గాలి 3 లీటర్లు తింటుంది. గంటకు 120 సార్లంటే నిమిషానికి 6 లీటర్లు. పది బొమ్మలకు 60 లీటర్లు. నిమిషానికి 120 లీటర్లయినా ఇచ్చే కంప్రెసర్ పెట్టండి. అది ఉండి కూడా ఇలా జరిగితే రెండు చోట్ల చూడండి. కంప్రెసర్ ట్యాంకు అడుగున నీళ్లు నిండి గాలికి చోటు తగ్గి ఉంటుంది, రోజూ డ్రెయిన్ తిప్పి వదలాలి. రెండోది లీకు: జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాస్తే బుడగలు చెప్పేస్తాయి. వాల్వును కంప్రెసర్ దగ్గర పెట్టి పది మీటర్ల గొట్టం లాగినా బొమ్మ ఆలస్యమే. వాల్వు సిలిండరు పక్కనే ఉండాలి.

బొమ్మ పైకి వేగంగా, కిందికి మెల్లగా పోయేలా, గాలి పోయే వేగాన్ని అదుపుచేసే ఫ్లో కంట్రోల్ తిప్పండి. దిగేటప్పుడు నాలుగు సెకన్లు తీసుకున్నా ఫరవాలేదు. గాలి బయటికి పోయే చోట సైలెన్సర్ పెట్టకపోతే ఆ బుస్సుమనే చప్పుడుకే తర్వాతి బండివాళ్లకు గుట్టు తెలిసిపోతుంది.

ప్రశ్న: పిల్లల్ని ఇలాంటివి ఎక్కించే ముందు తల్లిదండ్రులు ఏం చూసుకోవాలి? (ఒక తల్లి, పర్లాకిమిడి)

జవాబు: నిప్పు గురించి ముందు చూసుకోండమ్మా. ఆస్ట్రేలియాలోని సిడ్నీ లూనా పార్కులో 1979 జూన్ 9న గోస్ట్ ట్రెయిన్ తగలబడి ఏడుగురు చనిపోయారు, వాళ్లలో ఆరుగురు పిల్లలు. న్యూజెర్సీలో 1984 మే 11న నడిచి చూసే హాంటెడ్ కాజిల్‌లో మంటలు రేగి ఎనిమిది మంది టీనేజర్లు చనిపోయారు. చెక్క, గుడ్డ, రంగు, ఇరుకు దారి, చీకటి కలిసిన చోట నిప్పు పుడితే దారి తెలియడమే కష్టం.

టిక్కెట్టు కొనే ముందు షెడ్డు చుట్టూ ఒకసారి నడవండి. బండి వచ్చే తలుపు కాక బయటికి తెరుచుకునే తలుపులు ఇంకో రెండైనా కనబడాలి, వాటి ముందు కుర్చీలూ డబ్బాలూ ఉండకూడదు. జెనరేటరు, డీజిలు క్యాన్లు గోడకు ఆనుకుని ఉంటే ఎక్కించకండి. ఆపరేటరు దగ్గర పెద్ద ఎర్ర బటను ఉందా, నొక్కితే బళ్లు ఆగడంతో పాటు లోపల లైట్లు వెలుగుతాయా అని అడగండి. వెలగకపోతే ఆగిన బండిలోంచి పిల్లలు చీకట్లో దిగి పరిగెత్తుతారు. కరెంటు పోయినా ఆ లైట్లు బ్యాటరీ మీద వెలగాలి.

లోపల చెయ్యి చాపితే మేకు, మూల, కదిలే ఇనుము ఏదీ తగలకూడదు. అందే చోట నున్నటి గోడ మాత్రమే ఉండాలి. చేతులు లోపలే పెట్టుకొమ్మని పిల్లలకు మీరూ చెప్పండి. చున్నీ, పొడుగు జడ బండి అంచు బయట వేలాడనివ్వకండి. మూర్ఛ ఉన్నవాళ్లు టపటప కొట్టుకునే లైట్లున్న ఆట ఎక్కకూడదు. సెకనుకు మూడుసార్లకు మించి కొట్టుకునే వెలుగు వాళ్లకు ప్రమాదం.

ప్రశ్న: విదేశీ పార్కుల వీడియోలో దయ్యాలు గాజులా పారదర్శకంగా ఉండి, వెనక గోడ కూడా కనబడుతోంది. అది ప్రొజెక్టరా? (ఒక విద్యార్థి, బల్లార్పూర్, చంద్రపూర్ జిల్లా)

జవాబు: చాలావరకు మామూలు గాజుపలక. ఈ కిటుకు పాతదే. ఇంగ్లండ్ ఇంజనీరు హెన్రీ డిర్క్స్ ఆలోచనను, సైన్సు ప్రదర్శనలిచ్చే జాన్ హెన్రీ పెప్పర్ మెరుగుపరిచి 1862లో లండన్ రాయల్ పాలిటెక్నిక్ సంస్థలో చూపించాడు. డిస్నీల్యాండ్‌లో 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్ విందుగదిలోనూ ఇదే కిటుకు. ప్రేక్షకుడికి ఎదురుగా గాజును 45 డిగ్రీల కోణంలో నిలబెడతారు. పక్కన కనబడని గదిలో, నల్ల వెల్వెట్ ముందు బొమ్మ ఉంటుంది. దాని మీద లైటు వేస్తే ప్రతిబింబం గాజు వెనక గదిలో నిలబడినట్టు కనబడుతుంది. బొమ్మ గాజుకు ఎంత దూరంలో ఉంటే ప్రతిబింబం గాజుకు అవతల అంతే దూరంలో ఉంటుంది. దయ్యం కుర్చీలో కూర్చున్నట్టు కనబడాలంటే ఆ కుర్చీ గాజు వెనక ఎక్కడ వేయాలో దీన్ని బట్టే కొలుచుకుంటారు. గాజు మీద నుంచి వెలుగులో దాదాపు పదోవంతే తిరిగొస్తుంది, అందుకని బొమ్మ మీద లైటు బలంగా ఉండాలి, గది మసకగా ఉండాలి. గాజు మీద దుమ్ము పడితే పలక కనబడిపోయి ఆట చెడుతుంది. స్కూలు ఎగ్జిబిషన్‌కు అక్రిలిక్ షీటు, అట్టపెట్టె, సెల్ ఫోన్ టార్చితో మీరే చేసి చూడొచ్చు.

ప్రశ్న: దయ్యాలు లేకుండా డార్క్ రైడ్ కుదరదా? మా బడి పిల్లల్లో సగం తెలుగు, సగం ఒడియా. వాళ్లకు కార్తీక పున్నమి బోయిత బందాణ (పూర్వం జావా వైపు ఓడల్లో వెళ్లిన ఒడియా వర్తకుల్ని తలుచుకుని, దీపం పెట్టిన చిన్న పడవలు నీళ్లలో వదిలే పండగ) మీద ఒకటి ఉంటే బాగుండుననిపిస్తుంది. (ఒక ఉపాధ్యాయురాలు, ఛత్రపురం, గంజాం జిల్లా)

జవాబు: తప్పకుండా కుదురుతుంది. 1901లో అమెరికాలోని బఫెలో ప్రదర్శనలో జనం ఎగబడి చూసింది చంద్రుడి మీదికి ప్రయాణం అనే ఆట. నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్ పార్కులో 1993 నుంచి నడుస్తున్న ద్రోమ్‌ఫ్లుఖ్త్‌లో అన్నీ అడవులు, దేవకన్యలు. మన జాతరల్లో దయ్యాలే ఎందుకంటే రబ్బరు మాస్కు చవక, కథ అక్కర్లేదు.

మీ ఆలోచన మాకు చాలా నచ్చింది. మాటలు పెట్టకండి. బండి ఒక్కో దృశ్యం ముందు అయిదు సెకన్లే ఉంటుంది, ఏ భాషలోనూ వాక్యం పూర్తికాదు. పైగా ఒకే బండిలో రెండు భాషల పిల్లలు కూర్చుంటారు. చూపును నడిపించే వస్తువు ఒకటి చాలు. అరటి దొప్పలో వెలిగించిన దీపం అందుకు సరిగ్గా సరిపోతుంది, తెలుగిళ్లలోనూ అది కార్తీకంలో తెలిసినదే. మొదటి దృశ్యంలో రేవులో ఒక అమ్మాయి దీపం వదులుతుంది. తర్వాతి ప్రతి దృశ్యంలోనూ అదే దీపం ముందు కనబడాలి, తర్వాతే మిగతాది వెలగాలి: తెరచాప ఎత్తిన ఓడ, తుపాను, జావా తీరం, తిరుగు ప్రయాణం. 70 మీటర్ల దారిలో ఇలాంటివి ఎనిమిదికి మించవు. ఎక్కువ పెడితే పిల్లలకు ఒక్కటీ గుర్తుండదు.

ఓడ పెద్దదిగా కనబడాలంటే దగ్గర ఉన్న కొసను నిజం సైజులో, దూరపు కొసను అందులో సగం సైజులో చేయించండి. మనుషుల బొమ్మలూ అదే నిష్పత్తిలో చిన్నవవుతూ పోవాలి. దీపం మాత్రం నిజం మంట వద్దు, రెండు మూడు ఎల్ఈడీలు మినుకుమినుకుమనేలా పెట్టండి. తుపాను దగ్గర ఫ్యాను గాలి, సన్నటి నీటి తుంపర ఉంటే చాలు. తుంపర పడే చోట వైరింగు నేల మీద పోకూడదు.

ప్రశ్న: అల్ట్రావయొలెట్ లైటు పెడితే బొమ్మలకంటే జనం చొక్కాలే మెరుస్తున్నాయి. (ఒక ఆపరేటరు, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

జవాబు: బట్టల సబ్బు పొడిలో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఆ వెలుగుకు నీలంగా మెరుస్తుంది. ట్యూబును బండి వైపు తిప్పకుండా బొమ్మ వెనక పక్కకు, లేదా పైన రేకు మూత వేసి కిందికి తిప్పండి. వెలుగు దృశ్యం అంచు దాటి రాకూడదు. ఎండ తగిలినా, ట్యూబు పగలంతా వెలిగి ఉన్నా, ఆ వెలుగుకు మెరిసే ఫ్లోరోసెంట్ రంగు పాలిపోతుంది. ఆట లేనప్పుడు ఆర్పేయండి, కింద తెల్ల ప్రైమర్ (అడుగు పూత) వేశాకే రంగు కొట్టండి. నలుపు మీద నేరుగా కొడితే సగం మెరుపు కూడా రాదు.