షియాన్‌లో మ్యూజియంలు: టికెట్ దొరకని ఆ ఒక్కదాన్నీ పక్కన పెడితే

మీరు అడిగింది ఇదీ: అక్టోబర్‌లో అమ్మానాన్నలతో నాలుగు రోజులు చైనాలోని షియాన్ వెళ్తున్నారు. మట్టి సైనికుల్ని, అంటే చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ తన సమాధి దగ్గర పాతిపెట్టించిన బొమ్మల సైన్యాన్ని, ఎలాగూ చూస్తారు. షాన్షీ చరిత్ర మ్యూజియం టికెట్లు దొరకడం లేదు. నాన్నగారికి మోకాళ్ల నొప్పి. ఇంకేం చూడొచ్చు, గైడ్ అవసరమా అని. ఉద్యోగరీత్యా నేను ఆ ఊళ్లో ఉన్నప్పుడు ఇంటి నుంచి ఎవరొచ్చినా తిప్పి చూపించే పని నాదే. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

అన్నిటికన్నా ముందు తేదీలు చూసుకోండి. అక్టోబర్ 1 నుంచి వారం రోజులు చైనాలో జాతీయ సెలవులు. ఆ వారంలో షియాన్‌కి వెళ్తే మీకు కనబడేది మ్యూజియం కాదు, ముందువాళ్ల వీపులు. విమానం టికెట్ ఇంకా మార్చుకోగలిగితే పదో తేదీ తర్వాతకి మార్చుకోండి. ఎండ కూడా తగ్గుతుంది, పెద్దవాళ్లకి హాయిగా ఉంటుంది. షాన్షీ మ్యూజియానికి సోమవారం సెలవు, చిన్న అడవిబాతు పగోడా పక్కనున్న షియాన్ మ్యూజియానికి మంగళవారం. మట్టి సైనికులకు వారపు సెలవు లేదు.

ఇక ఆ టికెట్ సంగతి. షాన్షీ చరిత్ర మ్యూజియం 1991లో మొదలైంది. మామూలు గదులు చూడ్డానికి డబ్బు కట్టక్కర్లేదు గానీ ముందుగా పాస్‌పోర్ట్ నంబర్‌తో బుక్ చేసుకోవాలి. చైనావాళ్లు వాడే వీచాట్ యాప్‌లో టికెట్లు వదిలిన నిమిషాల్లోనే అయిపోతాయి. ఉచిత టికెట్ దొరకని రోజున కూడా డబ్బు పెట్టి కొనే ప్రత్యేక గదుల టికెట్లు నాకు దొరికిన సందర్భాలున్నాయి. అందుకని ఆ పేజీ కూడా తెరిచి చూడండి. ఏడో శతాబ్దం నుంచి పదో శతాబ్దం మొదటిదాకా ఏలిన తాంగ్ రాజవంశపు సమాధుల గోడల మీద నుంచి తీసిన చిత్రాలు ఒక గదిలో ఉంటాయి. గుర్రాల మీద పోలో ఆడుతున్న మనుషులు, రాజసభకి వచ్చిన విదేశీ దూతలు, అంతా అసలు రంగులే. ఖరీదు ఎక్కువే కానీ జనం తక్కువ, అమ్మగారికి నచ్చుతుంది. బ్లాక్‌లో మాత్రం కొనొద్దు. టికెట్ పాస్‌పోర్ట్‌కి ముడిపడి ఉంటుంది కాబట్టి వేరేవాళ్ల పేరు మీదున్నది మీకు పనికిరాదు. గేటు దగ్గర అమ్మేవాళ్లు చాలాసార్లు ఒక గైడ్ ప్యాకేజీని అంటగట్టి, దానికి నాలుగింతలు వసూలు చేస్తారు.

ఒకవేళ లోపలికి వెళ్లగలిగితే అన్ని గదులూ తిరగాలని చూడకండి. మ్యూజియం దగ్గర పదిహేడు లక్షలకు పైగా వస్తువులున్నాయంటారు, బయట పెట్టేది అందులో కొద్దిభాగమే అయినా కాళ్లు అరిగిపోతాయి. 1970లో హెజియాత్సున్ అనే చోట పునాదులు తవ్వుతుంటే రెండు మట్టి కుండల్లో, ఒక వెండి పాత్రలో వెయ్యికి పైగా వస్తువులు బయటపడ్డాయి. తాంగ్ కాలంలో ఎవరో దాచిపెట్టి మళ్లీ తిరిగి రాలేకపోయిన సొత్తు అది. వాటిని చూస్తే చాలు. అందరూ ఎగబడేది ఒకే అకీకు (అగేట్) రాయిలో చెక్కిన, జంతువు తల ఉన్న కప్పు దగ్గర. విదేశాలకి ప్రదర్శనకు కూడా పంపకూడదని చైనా తీర్మానించుకున్న వస్తువుల్లో అదొకటి. నన్ను ఆపేసింది మాత్రం దానికన్నా చిన్న వస్తువు. నిమ్మకాయంత వెండి బంతి, ఒళ్లంతా ద్రాక్షతీగలు, పిట్టలు చిల్లులుగా చెక్కారు. లోపల ఒకదాంట్లో ఒకటిగా రెండు రింగులు, వాటి మధ్య ధూపం వేసే చిట్టి గిన్నె. బంతిని ఎటు తిప్పినా గిన్నె మాత్రం నిటారుగానే నిలబడుతుంది, నిప్పు ఒలకదు. నడుముకి కట్టుకుని తిరిగేవారట. ఓడల్లో దిక్సూచి ఒరిగిపోకుండా బిగించేదీ ఇదే పద్ధతి. అది తెరిస్తే ఎలా ఉంటుందో చూపించే బొమ్మ పక్కనే ఉంటుంది, అది చూశాక మళ్లీ అసలు దాన్ని చూడండి.

టికెట్ దొరక్కపోతే టెన్షన్ పడకండి. నన్నడిగితే షియాన్‌లో తప్పకుండా చూడాల్సినవి మూడు: మట్టి సైనికులు, హన్‌యాంగ్‌లింగ్ అనే చక్రవర్తి సమాధి, బేలిన్ అనే రాతి శాసనాల మ్యూజియం. వీటికి టికెట్ కొనుక్కుంటే చాలు, పోటీ ఉండదు. సైనికులకి మాత్రం ఒకటి రెండు రోజుల ముందు ఆన్‌లైన్‌లో కొనడం మంచిది. ధర 120 యువాన్లు, పాస్‌పోర్ట్ దగ్గర ఉండాలి.

మట్టి సైనికులు ఊరికి తూర్పున లిన్‌టోంగ్‌లో, నలభై కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్నారు. 1974లో అక్కడి రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డారు, 1979 అక్టోబర్ 1న మ్యూజియం తెరిచారు. ఒకటో గుంత దాదాపు 230 మీటర్ల పొడవు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురయ్యే రెయిలింగ్ దగ్గర వందలమంది ఫోన్లు పైకెత్తి నిలబడి ఉంటారు. అక్కడ తోసుకోవద్దు. పక్క నడవా పట్టుకుని వెనక చివరికి వెళ్లండి. విరిగిన బొమ్మల్ని అతికే పని అక్కడే జరుగుతుంది. ఒంటి మీద నంబర్లు, ప్లాస్టిక్ చుట్టలు, తల లేని మొండేలు, ఒక మూల ముక్కల ట్రేలు. నిజానికి ఇప్పుడు నిటారుగా నిలబడ్డ ప్రతి సైనికుడూ ఇలా ముక్కలుగా దొరికి అతుక్కున్నవాడే. రంగులేసి ఉండేవి కూడా. కింద పూసిన లక్క పొర గాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే ముడుచుకుని, రంగుతో సహా రాలిపోయేది. చక్రవర్తి అసలు సమాధిని ఇప్పటివరకూ తవ్వకపోవడానికి ఇలాంటి నష్టం జరుగుతుందన్న భయం కూడా ఒక కారణం.

రెండో గుంత దగ్గర గాజు పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఒకడుంటాడు. అందరూ ముఖం ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు పెట్టె వెనక్కి వెళ్లి వంగి, మడిచిన కాలి చెప్పు అడుగు చూడండి. దారపు కుట్లు ఒక్కొక్కటీ చుక్కలుగా చెక్కారు. ముందు భాగంలోనూ మడమ దగ్గరా కుట్లు దగ్గర దగ్గరగా, మధ్యలో పలచగా ఉంటాయి. అరిగేది ఎక్కడో తెలిసినవాడు చేసిన పని అది. మట్టిలో పాతిపెట్టే బొమ్మ చెప్పు అడుగుని ఎవరు చూడొచ్చారని అంత ఓపిక! కొన్ని బొమ్మల మీద తయారుచేసిన మేస్త్రీల పేర్లు గీసి ఉన్నాయి. అవి గొప్ప కోసం కాదు, తప్పు జరిగితే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి.

రథాల సంగతి మర్చిపోవద్దు. 1980లో దొరికిన రెండు కంచు రథాలు ఇప్పుడు గుంతల దగ్గర లేవు, సమాధి గుట్ట ఉన్న తోటలోకి మార్చారు. అదే టికెట్‌తో చూడొచ్చు, అక్కడికి ఉచిత బస్సు కూడా ఉంది. చాలామంది తెలియక సైనికుల్ని చూసి తిరిగొచ్చేస్తారు.

ఇక హన్‌యాంగ్‌లింగ్. విదేశీయులు పెద్దగా వెళ్లని చోటు, నా లెక్కలో మాత్రం మొదటిది. హన్ రాజవంశపు జింగ్ చక్రవర్తి సమాధి. విమానాశ్రయం వైపే ఉంటుంది కాబట్టి తిరుగు ప్రయాణం రోజున పెట్టుకోండి, సామాన్లు కారు డిక్కీలోనే ఉంచొచ్చు. మట్టి సైనికుల్ని చేయించిన చిన్ షి హువాంగ్ క్రీ.పూ. 210లో పోయాడు, ఈయన క్రీ.పూ. 141లో. మధ్యలో డెబ్భై ఏళ్లు కూడా లేవు. ఆయన నిలువెత్తు సైన్యాన్ని పెట్టుకుంటే, ఈయన రెండడుగుల మనుషుల్ని, వాళ్లతోపాటు ఆవుల్ని, మేకల్ని, కుక్కల్ని, కోళ్లని పెట్టుకున్నాడు. చిన్ పాలన పన్నులు, వెట్టిచాకిరితో జనం తిరగబడి కూలిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు పన్నులు తగ్గించి ఊళ్లు కోలుకునేలా చూశారు. ఆ తేడా ఇక్కడ మట్టిబొమ్మల్లోనే కనబడుతుంది. అందుకే సైనికుల్ని ముందు చూసి, ఇక్కడికి తర్వాత రమ్మంటాను.

గుంతలు చూపించే హాలు మొత్తం నేల కింద ఉంటుంది. చెప్పులకి కవర్లు తొడుక్కుని, చీకట్లో గాజు నేల మీద నడవాలి. తవ్విన గుంతలు మీ పాదాల కిందే. మనుషుల బొమ్మలకి చేతులుండవు, ఒంటి మీద బట్టలుండవు. చేతులు చెక్కతో చేసినవి, బట్టలు నిజమైనవి, రెండు వేల ఏళ్లలో పుచ్చిపోయాయి. మా బాబాయి పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మట్టి సైనికుల దగ్గర "బాగుంది, బాగుంది" అంటూ బెంచీ వెతుక్కున్న మనిషి, ఇక్కడ గాజు మీద చతికిలబడి కూర్చున్నారు. నేను మేకలు అంటే "అవి మేకలు కాదురా, గొర్రెలు. తోక చూడు, కిందికి వేలాడుతోంది. అదిగో, అవతలి వరస మేకలు" అన్నారు. పందుల్లో ఆడ, మగ తేడా కూడా చూపించారు. పిన్ని చెయ్యి పట్టుకుని లేపేదాకా కదల్లేదు. మీ నాన్నగారికి కూడా ఇదే అనువైన చోటు. మెట్లు తక్కువ, జనం తక్కువ, చల్లగా ఉంటుంది.

బేలిన్ పాత కోట గోడ లోపలే ఉంది, దక్షిణ ద్వారం నుంచి నడిచి వెళ్లొచ్చు. శాసనాల అడవి అనుకోండి. 1087లో రాళ్లని ఒకచోట చేర్చడంతో మొదలైంది. 837లో చెక్కించిన కన్ఫ్యూషియస్ సంప్రదాయపు గ్రంథాలు 114 రాళ్ల మీద రెండువైపులా ఉన్నాయి. చేత్తో రాసుకునే ప్రతుల్లో తప్పులు దొర్లకుండా, ఎవరైనా వచ్చి సరిచూసుకోవడానికి పెట్టిన ప్రతి అది. 781 నాటి ఒక శాసనం చైనాలోకి క్రైస్తవం వచ్చిన కథ చెబుతుంది, అడుగున చైనా అక్షరాల పక్కనే పశ్చిమాసియా క్రైస్తవుల పాత లిపి అయిన సిరియాక్ కనబడుతుంది. రాతి గుర్రాల దగ్గర మాత్రం ఒక చిక్కుంది. తాంగ్ చక్రవర్తి తైజోంగ్ యుద్ధాల్లో ఎక్కిన ఆరు గుర్రాల రాతి శిల్పాల్లో నాలుగే ఇక్కడ అసలువి. మిగతా రెండూ అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని పెన్ మ్యూజియంలో ఉన్నాయి, ఇక్కడున్నవి నకళ్లు.

అక్కడ శాసనాలకి కాగితం మీద అచ్చు తీసే మనిషి ఉంటే కాసేపు నిలబడి చూడండి. తడి కాగితం రాతికి అంటించి, బ్రష్‌తో టపటపా కొట్టి అక్షరాల గుంటల్లోకి దిగేలా చేస్తారు. కొంచెం ఆరాక, సిరా అద్దిన గుడ్డ ఉండతో మెల్లగా తడుతూ పోతారు. అక్షరాలు తెల్లగా, చుట్టూ నల్లగా తేలి వస్తాయి. గదంతా సిరా వాసన. మన దగ్గర శాసనాలు చదివేవాళ్లు కూడా ఇలాగే అచ్చులు తీస్తారు.

పెద్ద అడవిబాతు పగోడా మ్యూజియం కాదు గానీ తెలుగువాళ్లం కాబట్టి చెప్తున్నాను. మనం చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్న హుయాన్‌త్సాంగ్ ఇండియా నుంచి 645లో తిరిగొచ్చాక, తెచ్చుకున్న గ్రంథాల్ని భద్రపరచడానికి 652లో దీన్ని కట్టించారు. ఆయన మన వేంగికి వచ్చాడు, ధాన్యకటకంలో, అంటే అమరావతి దగ్గర, కొన్ని నెలలుండి ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికులనే బౌద్ధ శాఖవాళ్ల తత్వశాస్త్రం, అభిధర్మం, చదువుకున్నాడు. పిన్ని పుట్టిల్లు గుంటూరు జిల్లా. ఈ మాట చెప్పగానే "మనూరు నుంచి ఇక్కడిదాకా నడిచొచ్చాడా!" అని పగోడా చుట్టూ ఇంకో ప్రదక్షిణ చేసింది. నాన్నగారు పైకి ఎక్కక్కర్లేదు. కింద దక్షిణ ద్వారానికి అటూ ఇటూ ఉన్న రెండు శాసనాలూ 653 నాటివి, హుయాన్‌త్సాంగ్ అనువాదాలకు తండ్రీకొడుకులైన ఇద్దరు చక్రవర్తులు రాసిన ముందుమాటలు. అవి చూస్తే చాలు.

గైడ్ గురించి: సైనికుల దగ్గర అవసరం, లోపల మ్యూజియం కౌంటర్‌లోనే మాట్లాడుకోండి. బయట వెంటపడేవాళ్లతో వెళ్తే మధ్యలో ఏ జేడ్ రాళ్ల దుకాణంలోనో గంట కూర్చోబెడతారు. బేలిన్‌లో గైడ్ లేకపోతే అవి మనకి ఉత్త రాళ్లే, కాబట్టి అక్కడా పెట్టుకోండి. హన్‌యాంగ్‌లింగ్‌లో వద్దు. గేటు నుంచి గుంతల దాకా చాలా నడవాలి, కొద్ది డబ్బుకే బ్యాటరీ బండి ఎక్కిస్తారు, నాన్నగారి కోసం అది ఎక్కేయండి. వీల్‌చైర్ కావాలంటే గేటు దగ్గరే అడగండి, డిపాజిట్ కడితే ఇస్తారు.

డబ్బు కట్టడానికి ఫోన్‌లో అలీపే, వీచాట్ యాప్‌లు ఇక్కడే పెట్టుకుని మీ కార్డ్ జోడించుకోండి, అక్కడికెళ్లాక ఓటీపీల గొడవ మొదలవుతుంది. గూగుల్ మ్యాప్స్‌ని నమ్మొద్దు, చైనావాళ్ల మ్యాప్ యాప్ ఆమ్యాప్ (Amap) వాడండి. తిండికి మీరు శాకాహారులైతే ల్యాంగ్‌పీ అడగండి: ఆవిరి మీద ఉడికించిన పిండి పొరల్ని సన్నగా తరిగి, కీరా ముక్కలు, వెనిగర్, ఎర్రటి కారం నూనె వేసి చల్లగా ఇస్తారు. కారం మనవాళ్లకి సరిగ్గా సరిపోతుంది. లిన్‌టోంగ్ దానిమ్మలు అక్టోబర్‌లో రోడ్డు పక్కనే అమ్ముతారు, బేరం ఆడితే తగ్గిస్తారు.